గోలతో సహా

మా ఇంట్లో ఒక రేకు పెట్టె ఉంది. ములుగులో అబ్బా టైలర్ దుకాణం నడిపిన రోజుల్లో దారపు ఉండలు, గుండీలు, లైనింగ్ ముక్కలు దాచుకున్న పెట్టె. ఇప్పుడందులో క్యాసెట్లున్నాయి. దుకాణంలో కొన్నవి పదికి మించవు. మిగతావన్నీ ఉర్సుల్లో, పెళ్లిళ్లలో, ఎవరింటి మహఫిల్‌లోనో ఎవరో ఒకరు టేప్‌రికార్డర్ ముందు పెట్టి పట్టుకున్న ఖవ్వాలీలు. కంపెనీ పేరుండదు, ధర ఉండదు. అట్ట మీద అబ్బా ఉర్దూ చేతిరాత, దాని కింద మా తెలుగు చేతిరాత.

మేము అంటే ముగ్గురం. అన్నదమ్ములం ఇద్దరం, మేనత్త కొడుకు ఒకడు. బి.ఏ. చదివి పత్రికల్లో పడ్డవాడి చేత మిగిలిన ఇద్దరూ ఇది రాయిస్తున్నారు. పెట్టె ముగ్గురిదీ, చేసిన తప్పు కూడా ముగ్గురిదీ. అందుకే ఇందులో 'నేను' లేదు.

1987లో జెద్దా నుంచి మామూ ఒక టూ-ఇన్-వన్ తెచ్చాడు. అప్పట్లో గల్ఫ్ పోయొచ్చిన ప్రతి ఇంట్లో ఒక అత్తరు సీసా, ఒక దుప్పటి, ఒక టూ-ఇన్-వన్ ఉండేవి. అందరూ సినిమా పాటలు వినేవాళ్లు. అబ్బా మాత్రం దాన్ని గుడ్డ సంచిలో పెట్టుకుని ఉర్సులకు తిరిగాడు. సఫర్ నెలలో కాజీపేటలో హజరత్ అఫ్జల్ బియాబానీ ఉర్సు జరుగుతుంది. వరంగల్ ఖాజీగా పనిచేసిన ఆ బుజుర్గు 1856లో పోయారు. ఆ ఖాజీ వల్లనే కాజీపేటకు ఆ పేరు. సందల్ నాడు ముస్లిములు ఎందరో, కొబ్బరికాయలు పట్టుకుని వచ్చే హిందువులు అంతకు తగ్గరు. రాత్రి ఖవ్వాలీ మొదలయితే ఫజర్ అజాన్ దాకా నడిచేది.

దుకాణంలో దొరికే క్యాసెట్ ఉండగా ఈ తిప్పలెందుకని మీరడగొచ్చు. ఖవ్వాలీ రాసుకొచ్చి అప్పజెప్పే పాట కాదు. ఖవ్వాల్ ఎదుట కూర్చున్నవాళ్ల ముఖాలు చూసి పాడతాడు. ఎవరికైనా ఒక మాట గుండెకు తగిలి ఒళ్లు మరిచిపోతే, వాళ్లు తేరుకునే దాకా అదే మాట పదిసార్లు, ఇరవైసార్లు తిప్పి తిప్పి పాడాలి. అది మర్యాద. మధ్యలో ఇంకో కవి షేర్ తెచ్చి ముడివేస్తాడు. దాన్ని గిరహ్ అంటారు. ఉర్దూ పాటకు ఫార్సీ ముడి, ఫార్సీకి హిందవీ ముడి. పాత 78 రికార్డులో ఒక పక్కకు పట్టేది మూడు నిమిషాలు, ఎల్.పి.లో ఇరవై పైచిలుకు. అంతలో ఎవరు ఒళ్లు మరిచిపోతారు, ఎవరు తేరుకుంటారు? హైదరాబాద్ ఖవ్వాల్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మనుమలు నజీర్, నసీర్ వార్సీ సోదరులకు 2014కు సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. అంతటి ఖాందాన్ అసలు పాటను కంపెనీ రికార్డుల్లో కాదు, రాత్రంతా నడిచిన మహఫిళ్లలోనే వెతకాలి.

అబ్బా పట్టిన క్యాసెట్లలో లోపాలకు కొదవ లేదు. ఆ యంత్రం చప్పుడు పెరిగితే దానంతటదే శబ్దం తగ్గించేది. చప్పట్లు పడ్డప్పుడల్లా గొంతు బావిలో పడ్డట్టయ్యేది. సెల్లులు నీరసిస్తే రీలు నెమ్మదిగా తిరిగేది. అట్లా పట్టినదాన్ని ఇంట్లో కరెంటు మీద పెడితే ఖవ్వాల్ గొంతు చిన్నపిల్లవాడి గొంతయ్యేది. అరవై నిమిషాల క్యాసెట్ ముప్పై నిమిషాలకు ఆగితే, తిప్పి వేసేలోపు మంచి గిరహ్ ఒకటి పోయేది. తొంభై నిమిషాలది కొంటే రీలు పలచన, చిక్కుపడేది. వానాకాలం తెల్లటి బూజు పట్టేది. మేము పెన్సిల్ దూర్చి రీలు తిప్పుకుంటూ, నీడపట్టున ఆరబెట్టుకుంటూ పెరిగినం.

1988 ఉర్సుది ఒక క్యాసెట్. ఆ రాత్రి మగవాళ్ల వైపు సందు లేక అబ్బా టేప్‌రికార్డర్‌ను ఆడవాళ్ల పరదా దగ్గర దాదీ ఒళ్లో పెట్టిపోయాడు. మేం పిల్లలం కాబట్టి అటే కూర్చున్నాం. దాంతో ఆ క్యాసెట్‌లో ఖవ్వాలీ ఒక పాలు, మిగిలిన లోకం ఒక పాలు. గాజుల చప్పుడు, పసిపిల్ల ఏడుపు, పల్లీల పొట్లం విప్పిన చప్పుడు. అన్నిటినీ మించి దాదీ గొంతు. మా దాదీకి నమాజులో చదివే సూరాలు తప్ప ఉర్దూ అంతంతమాత్రం. ములుగు పక్క పల్లెలో పుట్టి పెరిగింది. ఆమె కోపం తెలుగు, లాలి తెలుగు, ఆఖరికి దువా కూడా సగం తెలుగు. ఖవ్వాల్ ఫార్సీ అందుకున్నప్పుడల్లా "ఏమంటుండు బిడ్డా?" అని అమ్మీని అడిగేది. అమ్మీ తనకు తోచినంత తెలుగులో చెప్పేది. ఆ క్యాసెట్ నిండా అదే.

హన్మకొండలో డిగ్రీ చదివే రోజుల్లో మాకీ పిచ్చి ముదిరింది. అక్కడ రికార్డింగ్ సెంటర్లుండేవి. కాగితం మీద పాటల పేర్లు రాసిస్తే ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవాళ్లు. అట్లాంటి చోటనే ఆర్.ఇ.సి.లో చదివే విజయవాడ కుర్రాడొకడు దోస్తయ్యాడు. వాడిది హెవీమెటల్ పిచ్చి. ఐరన్ మెయిడెన్, మెటాలికా అంటే ప్రాణం. కంపెనీ వేసినవి వాడికి సరిపోయేవి కావు. ఫలానా ఊళ్లో ఫలానా రాత్రి ఎవరో జేబులో రికార్డర్ పెట్టుకుని పట్టినది కావాలి. బూట్‌లెగ్ అనే మాట వాడి నోటనే విన్నం. అమెరికాలో దొంగసారాను బూటులో దాచి తెచ్చేవాళ్లట, ఆ పేరు పాటకు వచ్చిందట. 1969లో బాబ్ డిలన్ పాటలు దొంగచాటుగా అచ్చయినప్పటి నుంచి రాక్ సంగీతంలో అదొక పెద్ద వ్యవహారం. మెటాలికా 1982లో చేసిన డెమో క్యాసెట్ కుర్రాళ్ల చేతుల మీదుగా కాపీకి కాపీ పడి దేశాలు తిరిగిందని, ఆ బ్యాండుకు పేరు ముందు అట్లా వచ్చిందని చెప్పేవాడు. అదే బ్యాండు 2000లో నాప్‌స్టర్ మీద కోర్టుకు పోయింది, అది వేరే ముచ్చట.

మాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో ఉన్నవి కూడా అవే కదా! నుస్రత్ ఫతే అలీ ఖాన్‌ను ముందు క్యాసెట్లకెక్కించింది ఫైసలాబాద్‌లో ఒక గ్రామఫోన్ దుకాణం. తర్వాత ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లోని ఓరియంటల్ స్టార్ అనే కంపెనీ. 1985లో ఇంగ్లండులో వోమాడ్ ఉత్సవంలో పాడాక తెల్లవాళ్లు ఆయన్ను తెలుసుకున్నారు. మా మామూ దగ్గరికి ఆ క్యాసెట్లు జెద్దాలో తోటి కూలీల చేతుల మీదుగా వచ్చినవి. కాపీకి కాపీ, దానికి కాపీ. ములుగు చేరేసరికి పాట వెనుక సర్రుమనే వాన చప్పుడు. విజయవాడ దోస్తు మాకొక ఐరన్ మెయిడెన్ ఇచ్చాడు, మేమొక నుస్రత్ ఇచ్చినం. "మీవాడి ఆలాపన మావాళ్ల గిటారు ఒక్కటేరా" అన్నాడు. ఒప్పుకోక చాలాసేపు కొట్లాడినం.

ఒక్కమాట నిజాయితీగా చెప్పుకోవాలె. ఈ క్యాసెట్ల వల్ల ఏ ఖవ్వాల్‌కూ పైసా పోలేదు. నజ్రానా మీద బతికే మనుషులు. పాట మేం తెచ్చుకున్నం, ఆకలి వాళ్లకు వదిలిపెట్టినం.

1999లో కార్గిల్ యుద్ధం నడుస్తున్నప్పుడు మాలో ఒకడు సెలవులకు ములుగు వస్తున్నాడు. సంచిలో ఎనిమిది క్యాసెట్లు. పీపుల్స్‌వార్ మీద నిషేధం ఉన్న రోజులు. అడవి దారి బస్సులను ఆపి వెతకడం మామూలు. జననాట్యమండలి పాటలు కూడా అట్లాగే చేతుల మీదుగా తిరిగేవి. గద్దర్ గొంతు ఎన్ని కాపీలు పడ్డా గుర్తుపట్టొచ్చు. సంచి విప్పిన పోలీసాయన మొదట అడిగింది అదే.

"ఏందిరా, అన్నల పాటలా?"

"కాద్సార్, ఖవ్వాలీలు."

అట్ట మీది ఉర్దూ చూశాడు. "పాడినోడు ఏడోడు?"

"పాకిస్తాన్ సార్. రెండేండ్ల కింద చచ్చిపోయిండు."

"చచ్చినా పాకిస్తానోడేగా. నీకెందుకురా వాని పాటలు?"

బస్సు పోయింది. రెండు గంటలు రోడ్డు పక్కన కూర్చోబెట్టారు. రెండు క్యాసెట్ల రీలు బయటికి గుంజి చూశారు, రీల్లో ఏమో దాచినట్టు. అందులో ఐరన్ మెయిడెన్ కూడా ఉంది. అట్ట మీద ఎడ్డీ అనే కుళ్లిన శవం బొమ్మ. "ఇదేం దయ్యంరా" అని నవ్వి దాన్ని జాగ్రత్తగా సంచిలో పెట్టి ఇచ్చాడు. శవం బొమ్మకు భయపడలేదు, ఇంగ్లీషుకు అనుమానపడలేదు. అబ్బా చేతిరాతకు అనుమానపడ్డాడు. ఆ అక్షరాలు మేము పుట్టకముందు నుంచీ ఈ నేల మీద ఉన్నవి. నిజాం కాలంలో కొలువైనా, భూమి కాగితమైనా ఆ అక్షరాల్లోనే నడిచేది.

ఇది బయటి సంగతి. మా లోపలి సంగతి కూడా చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధం.

ఆ రోజుల్లోనే హైదరాబాద్ పాతబస్తీలో పెద్దగా సేకరించిన ఒక ఆసామి పరిచయమయ్యారు. 1988 క్యాసెట్ వినిపించాం. రెండు నిమిషాలు విని మొహం చిట్లించారు. "పాడింది బాగుంది మియా. కానీ మధ్యల ఈ తెలంగీ గోల ఏంది? ఎవరీ గావ్‌కీ బుడ్డీ?" అన్నారు. మా చెవులు ఎర్రబడ్డయి. ఆ బుడ్డీ మా దాదీ అని చెప్పడానికి నోరు రాలేదు. ఇంటికొచ్చి రెండు టేప్‌రికార్డర్లు ముందేసుకుని కొత్త కాపీ చేసినం. దాదీ గొంతు వచ్చిన చోటల్లా పాజ్ మీట నొక్కినం. ఒకడు వినడం, ఒకడు నొక్కడం, ఒకడు టైము రాసుకోవడం. అప్పటికి దాదీ బతికే ఉంది. పక్క గదిలో పడుకుని ఉంది. ఆ శుభ్రమైన కాపీ చూసి పాతబస్తీ ఆసామి మెచ్చుకుని మాకు నాలుగు మంచి క్యాసెట్లిచ్చారు. దాదీని అమ్మి నాలుగు క్యాసెట్లు కొనుక్కున్నం.

2003లో దాదీ పోయింది. ఆ మరుసటేడు మా దగ్గరి చుట్టమొకాయన గల్ఫ్ నుంచి వచ్చాడు. మంచి మనిషి, అబ్బా ఆసుపత్రి ఖర్చు తన జేబులోంచి పెట్టినవాడు. దర్గాలు, ఖవ్వాలీలు దీన్‌లో లేవని అక్కడ నేర్చుకొచ్చాడు. సమా సరైనదా కాదా అన్న వాదన ఇవాళ్టిది కాదు. ఢిల్లీలో నిజాముద్దీన్ ఔలియానే సుల్తాన్ దర్బారుకు పిలిచి అడిగినారు. వాదిస్తే మేమూ వాదించేవాళ్లం. ఆయన వాదించలేదు. మేం ఊళ్లో లేనప్పుడు 1988 క్యాసెట్ తీసి, రికార్డు కాకుండా మేం విరిచిన పలుకుల సందుల మీద టేపు అంటించి, రెండు వైపులా ఒక బయాన్ ఎక్కించాడు. చెడగొట్టాలని కాదు, మా ఆఖిరత్ బాగుపడాలని.

క్యాసెట్ వేసి విన్నం. మొదటి వైపు మొత్తం బయాన్. రెండో వైపు ఇరవై ఏడు నిమిషాలు బయాన్. అది ఆగాక మీట నొక్కిన చప్పుడు, ఆ వెంటనే ఢోలక్. మిగిలింది మూడు నిమిషాలు. అందులో ఖవ్వాల్ ఫార్సీ అందుకుంటాడు. గాజుల చప్పుడు. తర్వాత దాదీ.

"ఏమంటుండు బిడ్డా?"

అమ్మీ చెబుతుంది. "తొవ్వ కానొస్తలేదట అత్తమ్మా. చెయ్యి పట్టుకొమ్మంటుండు."

"గంతేనా? గది నాకెరుకే."

చుట్టం మీద కోపగించుకునే హక్కు మాకుందా అని ముగ్గురం చాలాసేపు మాట్లాడలేదు. ఆయన చెరిపింది ఖవ్వాలీని. దాదీని అంతకుముందే మేం చెరిపినం. పోలీసాయనకు మా ఉర్దూ పరాయిది, పాతబస్తీ ఆసామికి మా తెలుగు పరాయిది, గల్ఫ్ చుట్టానికి మా దర్గా పరాయిది. ఈ ముగ్గురి మాటా విని మమ్మల్ని మేము కత్తిరించుకుంటూ పోతే చివరికి మిగిలేది పాజ్ మీట ఒక్కటే.

ఇప్పుడు ములుగు జిల్లా కేంద్రం. 2019లో అయింది. 2021లో రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. మేం సంతోషపడ్డం, అది మా ఊరి గుడి. రాయి మీద చెక్కిన ఆటను కాపాడుకున్నట్టే రీలు మీద మిగిలిన మాటను కూడా కాపాడుకోవాలని మా ఆశ. ఈ మధ్య పాత ఖవ్వాలీలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్న ఒక కుర్రాడు మా ఇంటికి వచ్చాడు. ఇప్పుడు యంత్రాలే గోలను తీసేస్తాయట, దగ్గులు, చప్పట్లు, పక్కవాళ్ల మాటలు ఏవీ లేకుండా గొంతు ఒక్కటే మిగులుస్తాయట. మా శుభ్రమైన కాపీ కావాలన్నాడు. ఇస్తామన్నం. ఒక షరతు పెట్టినం. దాని చివర ఈ మూడు నిమిషాలు ఉన్నదున్నట్టు అతకాలె. ఒక్క గాజు చప్పుడు కూడా తియ్యొద్దు.

"అందులో పాట సరిగా వినపడదు కదా అన్నా" అన్నాడు.

వినపడకపోతే పోనీ. ఆ ఉర్సులో ఫార్సీ పాటకు తెలుగులో జవాబు చెప్పిన ఒక ముసలమ్మ ఉండెనని రేపటి వాళ్లకు తెలియాలె. మేమెవరమని ఎవరన్నా అడిగితే ఉర్దూ క్యాసెట్ ఒకటి, తెలుగు క్యాసెట్ ఒకటి తీసి చూపించలేం. మా దగ్గర ఉన్నది ఒకే రీలు. దాన్ని గోలతో సహా వినండి.