ఎడారిలో కోళ్ళగూడు

కోడి ఎక్కడి పక్షి? ఈ ప్రశ్న అడిగితే మీరు, "ఇంకెక్కడిది? మా పెరటిదే!" అంటారు. కాని మన పెరటికోళ్ళన్నిటికీ మూలం ఎర్ర అడవికోడి. పేరులోనే ఉన్నది, అది అడవిపక్షి అని. ఆగ్నేయాసియా వెదురుపొదలలోనూ, హిమాలయాల దిగువ అడవులలోనూ, మన తూర్పు కనుమల ఉత్తర భాగంలోనూ అది ఈనాటికీ తిరుగుతున్నది. సుమారు 3,500 సంవత్సరాల కిందట, థాయిలాండు ప్రాంతంలో ధాన్యం పండించుకునేవాళ్ళ దగ్గరికి గింజలకోసం వచ్చి అది మచ్చిక అయిందని, అక్కడ దొరికిన ఎముకలనుబట్టి శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. చెట్లనీడ, తడినేల, రాలిన ఆకుల కింద పురుగులు—ఇదీ కోడి పుట్టిల్లు.

అలాటి పక్షిని తీసుకుపోయి ఎడారిలో దింపితే ఏమవుతుంది? చూద్దాం, రండి.

అమెరికా దేశపు నైఋతి మూలన అరిజోనా అనే రాష్ట్రం ఉన్నది. దాని ముఖ్యపట్టణం ఫీనిక్స్. చుట్టూ సొనోరా ఎడారి. అక్కడ చేతులెత్తి నిలుచున్న మనుషుల్లాగా సగువారో అనే పెద్ద పెద్ద జెముళ్ళు కనిపిస్తాయి. హైదరాబాదులో ఏడాదికి 80 సెంటీమీటర్ల దాకా వాన పడితే, ఫీనిక్స్ లో పడేది సుమారు 18 సెంటీమీటర్లు. 1990 జూన్ 26న అక్కడ ఎండ 50 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరింది. 2023లో జూన్ 30 మొదలు జూలై 30 వరకు, వరసగా 31 రోజులు, ప్రతిరోజూ ఎండ 43 డిగ్రీలు దాటింది.

ఈ ఊరి పేరులో ఒక చిత్రం ఉన్నది. పూర్వం హోహోకమ్ అనే ప్రజలు ఇక్కడ నదినుంచి కాలవలు తవ్వి పంటలు పండించారు. సుమారు 600 సంవత్సరాల కిందట ఆ కాలవలు పాడుపడ్డాయి. 1860ల చివర కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పాత కాలవల జాడలు చూసి, మళ్ళీ తవ్వి, నీళ్ళు పారించి ఊరు కట్టారు. ఫీనిక్స్ అనేది పాశ్చాత్యుల కథలలోని పక్షి. అది మంటలో కాలి బూడిద అయి, ఆ బూడిదలోనుంచే తిరిగి లేస్తుందట. పాడుపడ్డ చోట లేచిన ఊరు గనక దీనికి ఆ పక్షి పేరు పెట్టారు.

కాని కోడి, కథలోని పక్షి కాదు. ఎండకు మాడితే అది తిరిగి లేవదు. అందుకే అక్కడ కోళ్ళు పెంచేవాళ్ళు ఎంతో జాగ్రత్తగా ఉండాలి. అయినా పెంచేవాళ్ళు చాలామందే ఉన్నారు. అర ఎకరం గాని, అంతకు తక్కువ గాని స్థలం ఉన్న ఇళ్ళలో కూడా ఆరు కోళ్ళ వరకు పెంచుకోవచ్చునని 2024లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. అయితే కోడిపుంజు వద్దనే హక్కు మాత్రం ఊళ్ళకు ఉంచింది. తెల్లవారకముందే కూసి ఇరుగుపొరుగువాళ్ళను లేపుతుంది గదా!

మీరు జూలై నెలలో అలాటి ఒక ఇంటికి వెళ్ళారనుకోండి. తెల్లవారుజామున అయిదు గంటలకే ఆ ఇంటి పిల్ల లేచి పెరట్లోకి వస్తుంది. అప్పుడే కోళ్ళకు గింజలు పెడుతుంది. మధ్యాహ్నం పెట్టదు. ఎందుకంటే, తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. బయటి వేడి చాలక లోపలి వేడి కూడానా? అందుకని ఉదయం చల్లటివేళ ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి మేత.

తరవాత ఆమె నీళ్ళగిన్నెలు కడిగి నింపుతుంది. ఒకటి కాదు, మూడు నాలుగు. అన్నీ నీడలోనే ఉంచుతుంది. ఎండలో పెట్టిన నీళ్ళు కాగిపోతాయి. కాగిన నీళ్ళు కోడి ముట్టదు. మామూలు రోజున పావు లీటరు తాగే కోడి ఎండాకాలంలో అందుకు రెట్టింపు, ఇంకా ఎక్కువ కూడా తాగుతుంది. మధ్యాహ్నం ఆ గిన్నెలలో మంచుగడ్డలు వేస్తారు.

ఇప్పుడు గూడు చూడండి. మన ఊళ్ళలో కోళ్ళను రాత్రి గంప కింద మూస్తారు. ఇక్కడ అలా మూస్తే తెల్లారేసరికి ఉడికిపోతాయి. ఊరంతా సిమెంటు, తారురోడ్లు. అవి పగలు పీల్చిన వేడిని రాత్రంతా వదులుతూనే ఉంటాయి. 2023 జూలై 19న ఫీనిక్స్ లో రాత్రి అయినా 36 డిగ్రీలకంటె తగ్గలేదు! అందుకని గూడుకు గాలి బాగా ఆడాలి. కాని తలుపు తెరిచి పెడదామంటే ఊరంచున కయోటీ అనే నక్కజాతి జంతువు కాచుకుని ఉంటుంది. అడవిపిల్లి వస్తుంది, పాము వస్తుంది. పగలు డేగ వస్తుంది. గాలి రావాలి, నక్క రాగూడదు. ఎలా? గోడలకు బదులు సన్నకన్నుల గట్టి తీగవల బిగిస్తారు. నక్క కింద తవ్వుకుని రాకుండా ఆ వలను నేలలోపలికి కూడా దింపుతారు. పైన రేకు ఒక్కటే వేస్తే అది పెనంలాగా కాలుతుంది గనక, గూటిని మెస్కీట్ చెట్టు కింద కడతారు. మెస్కీట్ అంటే కొత్తది కాదు. మన పొలంగట్ల మీది సర్కారు తుమ్మకు అది దగ్గరి చుట్టమే.

పది గంటలయ్యేసరికి కోళ్ళు నోళ్ళు తెరిచి రొప్పటం మొదలు పెడతాయి. రెక్కలు ఒంటికి దూరంగా ఎత్తి నిలుచుంటాయి. ఎందుకో తెలుసా? మనకు చెమట పోస్తుంది. ఆ చెమట ఆరేటప్పుడు ఒంటి వేడిని తీసుకుపోతుంది. కోడికి చెమట పట్టదు. పైగా ఒంటినిండా ఈకల కంబళి! కోడి ఒంటి వేడి 41 డిగ్రీల పైన ఉంటుంది. గాలి 30 డిగ్రీలు ఉన్నప్పుడు కోడి ఒంట్లోని వేడి గాలిలోకి పోగలదు. తలమీది ఎర్రటి తురాయిలోకి, గడ్డం కింద వేలాడే ఎర్రతోలులోకి నెత్తురు పారి, అక్కడ చల్లబడుతుంది. కాని గాలే 45 డిగ్రీలయితే? వేడి ఎదురు తిరిగి కోడి ఒంట్లోకే వస్తుంది. అప్పుడిక దానికి ఉన్నది ఒక్కటే దారి—రొప్పటం. రొప్పినప్పుడు గొంతులోని తడి ఆవిరి అవుతుంది. కుండలోని నీళ్ళు చల్లబడేది ఎందుచేతనో, రొప్పే కోడి చల్లబడేదీ అందుచేతనే.

రొప్పటంలో ఇంకొక చిక్కున్నది. ఊపిరితోపాటు బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోతుంది. గుడ్డు పెంకు తయారు కావటానికి నెత్తుటిలో ఆ వాయువు కావాలి. అందుకే ఎండాకాలపు గుడ్లు పలచటి పెంకుతో వస్తాయి. కొందరు పరిశోధకులు కోళ్ళకు సోడానీళ్ళు తాగించి చూశారు. పెంకు గట్టిపడింది!

సాయంకాలం నాలుగు గంటలు. ఎండ 46 డిగ్రీలు. ఉన్నట్టుండి ఆ పిల్ల గూటివైపు పరిగెత్తుతుంది. ఎర్రపెట్ట ఒకటి నేల మీద పడి ఉన్నది. దాని తురాయి పాలిపోయింది, కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆమె కేకలు పెట్టదు, దాన్ని గట్టిగా కుదపదు. నెమ్మదిగా ఎత్తి నీడలోకి తెస్తుంది. తొట్టిలో చల్లటినీళ్ళు పోసి—మంచునీళ్ళు కాదు సుమా, ఆ అదటుకే చచ్చిపోగలదు—కాళ్ళూ పొట్టా మునిగేటట్టు దాన్ని నిలబెట్టి, తల నీటిపైన పట్టుకుని కూర్చుంటుంది. కొంతసేపటికి పెట్ట కన్ను తెరుస్తుంది. మరికొంతసేపటికి ముక్కు నీటిలో ముంచుతుంది. ఆ పిల్ల అప్పుడు గాని ఊపిరి పీల్చుకోదు. ప్రతిసారీ ఇలా జరగదు. ఇంట్లోవాళ్ళు బయటికి పోయిన రోజున నీళ్ళగిన్నె ఒక్కటి బోర్లపడితే చాలు, వాళ్ళు తిరిగి వచ్చేసరికి గూడు బోసిపోతుంది.

మన ఇళ్ళలో వట్టివేళ్ళ తడికలు కట్టి తడిపినట్టే, వాళ్ళు గూటి పక్కన సన్నటి నీటితుంపర చల్లే గొట్టాలు అమర్చుతారు. పొడిగాలిలో ఆ తుంపర చప్పున ఆవిరి అయి గాలిని చల్లబరుస్తుంది. అయితే జూలై, ఆగస్టు నెలలలో అక్కడ కూడా వానమబ్బులు వస్తాయి. ముందు ఆకాశమంత ఎత్తు దుమ్ముగోడ, వెనక ఉరుములు. అప్పుడు గాలిలో తేమ పెరిగి తుంపర ఆరదు, కోడి రొప్పినా ఫలితం తక్కువ. అప్పుడు విసనకర్రే—అంటే కరెంటు పంకాయే—దిక్కు.

అన్ని కోళ్ళూ ఒక్కలాగా బాధపడవు. కాళ్ళ మీద కూడా ఈకలుండే బ్రహ్మా, కొచ్చిన్ జాతుల బరువుకోళ్ళకు ఎండ గండం. పెద్ద తురాయి గల తెల్ల లెగార్న్ తట్టుకుంటుంది. మెడ మీద ఈకలే లేని బోడిమెడ కోడికి ఆ బోడిమెడే వరం. ఈజిప్టు ఎడారిలో ఫయ్యూమ్ అనే పచ్చటి పల్లపు ప్రాంతం ఉన్నది. అక్కడి ఫయ్యూమీ కోడి సన్నటి ఒళ్ళు, వెండిరంగు మెడ గలది. ఎండలకు పెట్టింది పేరు. ఆ ఈజిప్టులోనే 2,000 సంవత్సరాలకు పూర్వంనుంచీ తల్లికోడి లేకుండా గుడ్లను మట్టిగదులలో నిప్పుసెగతో పొదిగించేవారు. ఉష్ణమాపకం ఉండేది కాదు. గుడ్డును కనురెప్పకు ఆనించి వేడి ఎంత ఉన్నదో చెప్పేవాళ్ళు!

పొద్దు వాలింది. ఫీనిక్స్ లోని ఆ పెరట్లో కోళ్ళు, చెట్టుకింద తడిపి ఉంచిన మట్టిని గీరి గుంటలు చేసుకుని అందులో పడుకున్నాయి. ఎర్రపెట్ట కూడా ఒక గుంట చూసుకున్నది. ఎడారి మధ్య వాటికి కాస్త నీడ, కాస్త తడినేల దొరికాయి. అంటే, వాటి పాత అడవి చిన్నముక్క దొరికిందన్నమాట.

రెంటచింతలలోనూ, రామగుండంలోనూ వేసవి ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఈసారి ఎండలు ముదిరినప్పుడు మీ పెరటికోడి నోరు తెరిచి నిలబడితే, దానికి దాహమని మాత్రమే అనుకోకండి. అది తన ప్రాణం కాపాడుకుంటున్నది. చెట్టుకింద ఒక మట్టిమూకుడులో చల్లటినీళ్ళు పెట్టండి. పక్కన మరొకటి కూడా పెట్టండి—మొదటిది బోర్లపడితే?