లావు టైర్ల మోజు... ఉప్పల్ దారుల్లో చెల్లుతుందా?

ఆదివారం తెల్లవారుజామున ఉప్పల్ భగాయత్ వైపు వెళ్తే, హైదరాబాద్‌లో ఇంత ఖాళీ జాగా ఇంకా ఉందా అనిపిస్తుంది. హెచ్‌ఎండీఏ వేసిన లేఅవుట్ అది. పక్కనే మూసీ, కాస్త దూరంలో మెట్రో వంతెన, మధ్యలో వెడల్పాటి రోడ్లు. వాకింగ్‌కి వచ్చిన పెద్దవాళ్ళు, వికెట్లు పాతుకుంటున్న పిల్లలు, కారు నేర్చుకుంటున్న కొత్త చేతులు... వీళ్ళందరి మధ్య నుంచి తుమ్మెదల గుంపు కదిలినట్టు ‘గుర్ర్‌ర్’ మంటూ ఓ సైకిలు దూసుకొస్తుంది. తొక్కేది తొమ్మిదో తరగతి కుర్రాడు. చక్రాలు మాత్రం ఏ మోటార్‌సైకిలుకో ఉండాల్సినవి ఊడదీసి బిగించినట్టుంటాయి. నడిచేవాళ్ళు ఆగి మరీ చూస్తారు. కుర్రాడికి కావలసిందీ అదే!

దాన్నే ఫ్యాట్ బైక్ అంటున్నారు. మల్కాజిగిరి, నాచారం, హబ్సిగూడ, రామంతాపూర్... ఎటు వెళ్ళినా సైకిల్ దుకాణం ముందు వరసలో ఎర్రదో పచ్చదో ఒకటి నిలబడి ఉంటుంది. పేరున్న కంపెనీల సరుకు ఖరీదెక్కువ కానీ, ఇనుప ఫ్రేముతో వచ్చే చవక రకం పది వేల నుంచి పదిహేను వేల రూపాయల్లో దొరుకుతుంది. ఆన్‌లైన్లో అయితే అట్టపెట్టెలో సగం బిగించి ఇంటికే పంపిస్తారు. పదో తరగతి మార్కులకో పుట్టినరోజుకో పిల్లాడు అడుగుతాడు. ‘మామూలు సైకిలు ఆరేడు వేలు పెడితే వస్తుంది కదరా’ అంటాడు నాన్న. ‘అది మామూలుదే కదా నాన్నా’ అంటాడు వాడు. ఇంతకీ ఇద్దరిలో ఎవరి మాట సబబు?

మంచులో పుట్టింది

అసలు ఈ లావు టైరు పుట్టింది రోడ్డు కోసం కాదు. అమెరికాలోని అలాస్కాలో కుక్కలు లాగే బండ్ల పందేలు జరిగే మంచుదారి ఒకటుంది. ఆ దారిలో సైకిళ్ళతో పోటీ పెడితే ఎలా ఉంటుందని 1987లో ‘ఇడిటాబైక్’ మొదలెట్టారు. మామూలు చక్రాలు మంచులో కూరుకుపోయాయి. సగం దూరం సైకిలు మనిషిని మోయలేదు, మనిషే సైకిల్ని నెట్టాల్సి వచ్చింది. దాంతో కొందరు రెండు రిమ్ముల్ని పక్కపక్కన పెట్టి వెల్డింగ్ చేశారు. ఫెయిర్‌బ్యాంక్స్ ఊరికి చెందిన సైమన్ రాకోవర్ వెడల్పాటి రిమ్ములు తయారుచేశాడు. ఇటు ఎడారి ఇసుకలో తిరగడానికి న్యూ మెక్సికోలో రే మొలీనా లావు టైర్లు చేయించాడు. అటు మంచు, ఇటు ఇసుక! ఈ రెండు ప్రయత్నాలూ కలిసి 2005లో సర్లీ కంపెనీ ‘పగ్‌స్లీ’ అన్న పేరుతో ఫ్యాట్ బైకుని బజార్లోకి తెచ్చింది. మనవాళ్ళ కంటపడింది ఆ తరవాత చాలా ఏళ్ళకి.

ఇందులో మర్మమేమీ లేదు. సైకిలూ మనిషీ కలిసి 78 కిలోలనుకోండి. రెండు చక్రాల మీద సమానంగా పడితే ఒక్కోదానికి 39 కిలోలు, అంటే 86 పౌండ్లు. టైరులో గాలి 40 పీఎస్‌ఐ ఉంటే నేలను తాకే భాగం సుమారు 2 చదరపు అంగుళాలు. అదే 8 పీఎస్‌ఐకి దించితే దాదాపు 11 చదరపు అంగుళాలు. ఒంటె పాదంలా అన్నమాట... పరుచుకుంటుంది, దిగబడదు. అంత తక్కువ గాలితోనూ రిమ్ము నేలకు తగలకుండా ఉండాలంటే టైరు నాలుగంగుళాల వెడల్పుండాలి.

బాపట్ల దగ్గర సూర్యలంక ఇసుకలో ఈ సైకిలు తొక్కితే దాని గొప్పతనం తెలిసొస్తుంది. (ఉప్పుగాలికి గొలుసు తుప్పు పట్టడం కూడా అక్కడే తెలుస్తుంది!) కానీ నాచారంలో మంచూ లేదు, ఇసుకా లేదు... ఇల్లు కడుతున్నవాళ్ళు రోడ్డు మీద పోసుకున్నది తప్ప.

మరి ఈ దారుల్లో ఏముంది?

ఉన్నవి గుంతలు. వరంగల్ హైవే మీద 2018లో మొదలైన ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్ళ తరబడి సాగాయి. ఆ కాలమంతా పీర్జాదిగూడ, బోడుప్పల్ జనం కంకరలో, దుమ్ములో, వానొస్తే బురదలో తిరిగారు. 2020 అక్టోబరు వానలకి రామంతాపూర్, హబ్సిగూడ, నాచారం కాలనీల్లోకి నీళ్ళు వచ్చిన సంగతి ఇక్కడివాళ్ళు ఇంకా మర్చిపోలేదు. పైపులైను కోసం తవ్వి పైపైన పూడ్చిన కాలువలు, లెక్కాపత్రం లేని స్పీడ్ బ్రేకర్లు ఉండనే ఉన్నాయి. ఇలాంటి చోట ఫ్యాట్ బైకు నిజంగానే హాయి. చిన్న గుంతల్ని మింగేస్తుంది. మామూలు సైకిలు మీద నడుం కదిలిపోయే చోట ఇది పరుపు మీద కూర్చున్నట్టు సాగిపోతుంది. పట్టు ఎక్కువ కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ధైర్యంగానూ ఉంటుంది. ఈ మాట ఒప్పుకోవాల్సిందే.

అయితే ఆ హాయికి కాళ్ళు ఖరీదు కడతాయి. చవక ఫ్యాట్ బైకు బరువు 17 నుంచి 20 కిలోలు. అంటే ఇంచుమించు ఓ చిన్న బియ్యం బస్తా! నేలను పట్టుకున్న ఆ వెడల్పాటి రబ్బరే తారురోడ్డు మీద వెనక్కి లాగుతుంది. దూరం నుంచి వినిపించే ‘గుర్ర్‌ర్’ చప్పుడు మరేదో కాదు, కుర్రాడి బలం రోడ్డుపాలవుతున్న చప్పుడు. గాలి 20 పీఎస్‌ఐ దాకా నింపితే కాస్త తేలికపడుతుంది కానీ, మెత్తదనం తగ్గుతుంది. 21 గేర్లున్నాయిగా అంటారు దుకాణాల్లో. గేరు కష్టాన్ని పంచుతుందే తప్ప తీసెయ్యదు. లాలాపేట ఫ్లైఓవర్ ఎక్కి చూస్తే ఆ సంగతి మోకాళ్ళే చెబుతాయి.

మోకాళ్ళంటే గుర్తొచ్చింది. లావు టైరుకి చోటివ్వడానికి పెడళ్ళ మధ్య ఇరుసునీ వెడల్పు చేస్తారు. మామూలు సైకిళ్ళలో ఆ గొట్టం 68 లేదా 73 మిల్లీమీటర్లుంటే ఇందులో సాధారణంగా 100. కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి తొక్కాలి. పొడుగాటి మనిషికి తేడా తెలియదు. పన్నెండేళ్ళ పిల్లకో పిల్లాడికో తెలుస్తుంది. పైగా 26 అంగుళాల రిమ్ముకి నాలుగంగుళాల టైరు తొడిగితే చక్రం మొత్తం ఎత్తు 29 అంగుళాలు దాటుతుంది. ‘పెరుగుతాడులే’ అని కొనే వస్తువు కాదిది. బజారు మధ్యలో ఠక్కున ఆగాల్సి వస్తే కాళ్ళు నేలకి అందాలి.

ఆగడం దగ్గరే అసలు భయం. ముందూ వెనకా డిస్క్ బ్రేకులని గొప్పగా రాస్తారు. చవకవాటిలో ఉండేవి తీగతో లాగేవి. కొత్తలో బాగానే పట్టినా తీగ సాగుతుంది, ప్యాడ్లు అరుగుతాయి. ఎప్పటికప్పుడు బిగించుకోకపోతే బరువైన సైకిలు అనుకున్నచోట ఆగదు. నాచారం పారిశ్రామికవాడ రోడ్డు మీద వెనక లారీ, పక్కన ఆర్టీసీ బస్సు ఉన్నప్పుడు ఆ రెండడుగుల తేడా మాటలు కాదు. పెట్టెలో వచ్చిన సైకిల్ని యూట్యూబ్ చూసి ఇంట్లోనే బిగించుకుంటే మరీ ప్రమాదం. హ్యాండిల్ తిరగబడి బిగించినవీ, ముందు చక్రం నట్టు వదులుగా ఉన్నవీ మెకానిక్‌ల దగ్గరికి వస్తూనే ఉంటాయి. రెండు మూడొందలు పోయినా చేయి తిరిగినవాడితో బిగించుకోవడం నయం.

పంక్చర్ సంగతి సరేసరి. బొద్దింత కట్టడాలు లేచే చోట మేకులకి కొదవా? అతుకు ఏ పంక్చర్ దుకాణంలోనైనా వేస్తారు. ట్యూబు మార్చాల్సి వస్తేనే చిక్కు. 26x4 సైజు వీధి చివరి దుకాణంలో ఉండదు. ‘రేపు తెప్పిస్తా’ అంటాడు. ఆ రేపు ఎల్లుండవుతుంది. ధర మామూలు ట్యూబుకి రెండు మూడింతలు. టైరుకీ అంతే. మడ్‌గార్డులు చాలావాటికి ఉండవు. ఉన్నా నాలుగంగుళాల టైరుని కప్పేంత ఉండవు. తొలకరి పడిన రోజు బడికి వెళ్ళిన పిల్లాడి తెల్లచొక్కా వీపు మీద మెడ దాకా బురదగీత ఉంటుంది. ఆ చొక్కా ఉతికే అమ్మని అడగాలి ఫ్యాట్ బైకు గురించి! క్యారియర్ కూడా ఉండదు కాబట్టి పుస్తకాల సంచీ వీపు మీదే.

తొక్కి బతికినవాళ్ళ సైకిలు

ఈ పేటలకి సైకిలు కొత్త కాదు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, మౌలాలి డీజిల్ షెడ్డు, ఈసీఐఎల్, నాచారం పారిశ్రామికవాడ... ఒకప్పుడు షిఫ్టు మారే వేళ గేటు ముందు సైకిళ్ళ బారులే. నల్ల ఫ్రేము, వెనక క్యారియర్‌కి టిఫిన్ డబ్బా, పక్కన డైనమో. గంటకింతని అద్దెకిచ్చే దుకాణాలుండేవి. సెలవుల్లో పిల్లలు అక్కడే అడ్డకాలేసి తొక్కడం నేర్చుకునేవారు. ఆ సైకిలూ బరువైనదే, ఇరవై కిలోలకి తక్కువుండదు. కానీ దాని సన్నటి టైరులో గాలి గట్టిగా ఉండేది, ఒకసారి కదిలిందంటే దొర్లుకుంటూ పోయేది. ఏ భాగం పోయినా ఏ ఊళ్ళోనైనా దొరికేది.

ఇప్పుడు కూడా నాచారం, మల్లాపూర్ ఫ్యాక్టరీలకి సైకిలు మీద వెళ్ళేవాళ్ళున్నారు. ఎక్కువమంది బతుకుదెరువు కోసం ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళలో ఫ్యాట్ బైకు తొక్కేవాళ్ళు కనపడరు. డబ్బు లేక అనుకోవచ్చు. అదొక్కటే కాదు. రోజూ పది పన్నెండు కిలోమీటర్లు తొక్కి, ఎనిమిది గంటలు నిలబడి పనిచేయాల్సిన మనిషి తన బలాన్ని లెక్క చూసుకుని ఖర్చుపెడతాడు.

నగరం పడమటి వైపు సంగతి వేరు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో తెరిచారు. తలమీద సౌరఫలకాల నీడ, నున్నటి దారి. తూర్పున ఉప్పల్, మల్కాజిగిరి పిల్లలకి ఉన్నది మాత్రం భగాయత్ రోడ్లూ, పొద్దున్నే చెట్ల నీడ పరిచే ఉస్మానియా యూనివర్సిటీ ప్రాంగణమూ. తార్నాక మీదుగా వెళ్ళి ఆర్ట్స్ కాలేజీ ముందు ఓ చుట్టు చుట్టి వచ్చే సైకిలు బృందాలకి ఆదివారాలు సరిపోవు. వ్యాయామం కోసం అలా వారానికి రెండు మూడుసార్లు, ఐదారు కిలోమీటర్లు తొక్కేవాళ్ళకైతే ఫ్యాట్ బైకు నష్టమేం కాదు. కష్టమే కదా వాళ్ళక్కావాల్సింది!

బడికో ట్యూషన్‌కో రోజూ తొక్కే పిల్లలకి మాత్రం ఆ డబ్బుతో రెండు, రెండుంపావు అంగుళాల టైరున్న సైకిలు తీసుకోవడమే మేలు. అదే ధరకి కాస్త తేలికైన ఫ్రేమూ, మంచి బ్రేకులూ వస్తాయి. గుంతలకి ఆ మాత్రం టైరు చాలు. మిగిలిన వెయ్యితో హెల్మెట్, వెనక ఎర్రలైటు కొనొచ్చు. గేర్లు కూడా ఏడు చాలు. ఇరవయ్యొకటీ ఉన్నా పిల్లలు మూడుకి మించి మార్చరు.

ఇంత చెప్పినా వినని కుర్రాళ్ళుంటారు. వాళ్ళని తప్పుపట్టడానికీ లేదు. ఫోను వదిలి రోడ్డెక్కాలని ఒకడికి అనిపించిందంటే, దానికి లావు టైరే కారణమైతే, ఆ మోజుకి కొంత విలువ ఇవ్వాల్సిందే. అలాంటి ఇంట్లో పెద్దవాళ్ళు ముందుగా చూడాల్సింది దుకాణాన్ని కాదు, పక్క అపార్ట్‌మెంట్ల సెల్లార్లని. లిఫ్టులో పట్టక, మూడో అంతస్తుకి మోయలేక, గాలి దిగిపోయి, దుమ్ము పట్టి గోడకానుకుని ఉన్న ఫ్యాట్ బైకులు ఒకటో రెండో కచ్చితంగా ఉంటాయి. అడిగితే సగం ధరకే ఇచ్చేస్తారు. అప్పుడు కూడా కొన్ని చూసుకోవాలి. ఫ్రేము అతికిన చోట, ముఖ్యంగా హ్యాండిల్ కింద, పగుళ్ళుండకూడదు. చక్రాన్ని పైకెత్తి తిప్పితే వంకర్లు పోకుండా తిరగాలి. ముందు బ్రేకు నొక్కి పట్టి తోస్తే కదలకూడదు. టైరు పక్కలు ఎండి బీటలిచ్చి ఉంటే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనాలి. చివరగా కుర్రాడినే సైకిలు భుజానికెత్తుకుని ఇంటి దాకా మెట్లెక్కమనండి. ఎక్కాక కూడా కావాలంటే బేరం ఖాయం చేసుకోవచ్చు.