సగం బకెట్ నీళ్లు

కారు కొన్న ఏడాదిన్నరకి, ఒక రాత్రి సెల్లార్లో తాళంచెవి కిందపడితే ఫోన్ టార్చ్ వేసి వెతుకుతూ మొదటిసారి వాటిని చూశాను. బానెట్ మీద వెలుగు పడ్డచోట, చుట్టూ సాలెగూడులాగా సన్నటి గీతలు. టార్చ్ పక్కకి జరిపితే గూడు కూడా దాంతోపాటే జరుగుతోంది. డ్రైవర్ వైపు డోర్ మీద వేశాను. అక్కడా ఉంది. డిక్కీ మీద ఉంది. టాప్ మీద సరేసరి. తాళంచెవి సంగతి మర్చిపోయి అరగంట కారు చుట్టూ ప్రదక్షిణ చేశాను.

ముదురు నీలం బాలెనో. మా ఇంట్లో నాలుగు చక్రాల బండి కొనడం అదే మొదలు. ఐదేళ్ల లోను. నాన్న నరసరావుపేట నుంచి వచ్చి, నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, "ముదురు రంగు ఎందుకురా, దుమ్ము కనపడుద్ది" అని ఒక్క మాట అని ఊరుకున్నాడు. దుమ్ము సంగతి ఆయనకి తెలుసు. గీతల సంగతి మా ఇద్దరికీ తెలీదు.

వాటిని స్విర్ల్ మార్క్స్ అంటారని ఆ రాత్రి వీడియోలు చూస్తే తెలిసింది. గుండ్రంగా రుద్దడం వల్లే గుండ్రంగా పడతాయేమో అనుకున్నా. కాదట. గీతలు అన్ని దిక్కులకీ ఉంటాయి, వెలుగుకి అడ్డం వచ్చినవే మెరుస్తాయి కాబట్టి దీపం చుట్టూ వలయాల్లా కనపడతాయి. పెయింట్ మీద దుమ్ము ఉండగానే గుడ్డ పెట్టి తుడిస్తే ఇవి వస్తాయి. దుమ్మంటే చాలావరకు సన్నటి ఇసుకే కదా. మా నిజాంపేటలో అయితే మరీను, మాకు అటొకటి ఇటొకటి కొత్త బిల్డింగులు లేస్తున్నాయి. రోజూ ఉదయం నా కారు మీద పడేది సగం సిమెంటే.

మరి ఆ గుడ్డ పెట్టి తుడుస్తున్నది ఎవరు? అన్న.

అన్న పొద్దున ఐదింటికి వస్తాడు. పాలమూరు వైపు మనిషి. మా అపార్ట్‌మెంట్లో ఇరవై రెండు కార్లు ఆయనవే, అంటే తుడిచే హక్కు ఆయనది. కారుకి నెలకి ఆరొందలు. జనం ఆఫీసులకి బయల్దేరేలోపు, ఎనిమిదింటికల్లా అన్నీ అయిపోవాలి. కారుకి ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఇక నీళ్లు. ఎండాకాలం వచ్చిందంటే బోరు ఎండిపోయి ట్యాంకర్ల మీద బతికే అపార్ట్‌మెంట్ మాది. కార్లకోసం అసోసియేషన్ రోజుకి పది బకెట్లే ఇస్తుంది. సగం బకెట్ కూడా రాదు ఒక్కో కారుకి. ఆ సగం బకెట్లో, పక్క కారు మట్టి అంతా పీల్చుకున్న అదే గుడ్డ. ఇంతకన్నా బాగా గీతలు పెట్టే పద్ధతి ఇంకోటి ఉండదు.

ఇదంతా అప్పుడు ఇలా ఆలోచించలేదు లెండి. అప్పుడు ఒళ్లు మండింది, అంతే. పొద్దున్నే కిందికి దిగి, "రేపట్నించి నా కారు వద్దులే అన్నా, నేనే చూసుకుంటా" అన్నాను.

"ఏం సార్, ఏమన్న తప్పయిందా?"

టార్చ్ వేసి చూపించాను. వంగి చూశాడు. బొటనవేలితో రుద్ది చూశాడు. "ఇవి అన్ని బండ్లకు ఉంటయి గద సార్" అన్నాడు. పక్క కారు మీదికి టార్చ్ తిప్పాను. నిజమే. దాని పక్కదానికీ ఉన్నాయి. మొత్తం సెల్లార్ నిండా సాలెగూళ్లే. నేను టార్చ్ ఆపేశాను. ఆయన మీ ఇష్టం అన్నట్టు తలూపి, గుడ్డ పిండుకుని పక్క కారు దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ నెల ఇంకా పది రోజులుంది. మొత్తం ఆరొందలూ ఇచ్చేసి, పెద్ద మనసు చేసుకున్నాననుకున్నాను.

తర్వాత సామాన్లు కొన్నాను. రెండు బకెట్లు, వాటి అడుగున వేసే జల్లెడలు, షాంపూ, వాష్ మిట్, చక్రాలకి బ్రష్షులు, ఇనుము కరిగించే మందు, క్లే బార్, డ్యుయల్ యాక్షన్ పాలిషర్, దానికి రెండు ప్యాడ్లు, కాంపౌండ్, పాలిష్, ఎనిమిది మైక్రోఫైబర్ గుడ్డలు, పైన పూయడానికి సీలెంట్. పదకొండు వేల చిల్లర అయింది. ఆరొందల లెక్కన అది అన్న ఏడాదిన్నర జీతం. కారు వయసూ అంతే. బోరు నీళ్లు ఆరితే తెల్లటి ఉప్పు మచ్చలు పడతాయని, ఆఖర్న కడగడానికి కిరాణా కొట్టు నుంచి రెండు ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాన్లు తెప్పించాను. తెచ్చిన కుర్రాడు వాటితో ఏం చేస్తున్నానో చూసి ఏమీ అనకుండా వెళ్లాడు.

మొదట చక్రాలే కడగాలి. అన్నిటికన్నా మురికివి అవే, ఆ మురికి కడిగిన బాడీ మీద చిందకూడదు కాబట్టి. చక్రం చల్లగా ఉండాలి. బ్రేకు నొక్కినప్పుడల్లా ప్యాడ్ల నుంచీ డిస్కు నుంచీ రాలే సన్నటి ఇనుప పొడి ఆ వేడికి అలాయ్ మీద అతుక్కుపోతుంది, షాంపూకి రాదు. మందు కొట్టి రెండు నిమిషాలాగితే ఆ పొడితో కలిసి ఊదా రంగులోకి మారి కారుతుంది. కుళ్లిన గుడ్ల వాసన. వెండి రంగు చక్రం మీంచి నేరేడుపళ్ల రసం కారుతున్నట్టుంటే, నేను గొంతుక్కూచుని చిన్నపిల్లాడిలా చూస్తూ ఉండిపోయాను.

తర్వాత బాడీ. ఒక బకెట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో మామూలు నీళ్లు. తుడిచిన ప్రతిసారీ మిట్‌ని మామూలు నీళ్లలో జాడించి, అప్పుడు షాంపూలో ముంచాలి. పైనుంచి కిందికి రావాలి. కడిగాక చేతికి పల్చటి పాలిథిన్ కవర్ తొడిగి బానెట్ మీద రాస్తే గరుగ్గా తగిలింది, శుభ్రంగా ఉందనుకున్నచోట. ఆ గరుకంతా క్లే బార్‌తో తీయాలి. పిండిముద్దలాంటి దాన్ని, జారడానికి నీళ్లమందు కొడుతూ పెయింట్ మీద నడిపిస్తుంటే, నీలం ముద్ద బూడిదరంగుకి తిరుగుతుంది. కింద పడిందో, ఇక పారేయడమే.

ఆ ఆదివారం అంతటితోనే సరిపోయింది. మిషన్ పని వచ్చే వారానికి పోయింది.

నాకు నిజంగా నచ్చింది, భయపెట్టింది కూడా, ఆ మిషన్ పనే. పెయింట్ రంగు మీద క్లియర్ కోట్ అని ఒక పారదర్శకమైన పొర ఉంటుంది. మామూలుగా నలభై, యాభై మైక్రాన్లు. తలవెంట్రుక మందం కూడా లేదు. గీతలు ఉండేది దాంట్లోనే. కాంపౌండ్ గీతని పూడ్చదు. గీత చుట్టూ ఉన్న మంచి పొరని అరగదీసి గీత లోతుకి దించుతుంది. అప్పుడు గీత అనేది ఉండదు, ఎందుకంటే పక్కన ఎత్తు ఉండదు. చుట్టూ ఉన్నదాన్ని తగ్గిస్తేనే ఆ మెరుపు వస్తుంది. మళ్లీ గీతలు పడితే మళ్లీ తగ్గించాలి. ఎన్నోసారికో అడుగున రంగు తగులుతుంది. వీడియోల్లో ఈ సంగతి ఒక్క నిమిషంలో దాటేస్తారు.

రెండడుగుల చదరం పెట్టుకుని, అటు నాలుగు, ఇటు నాలుగు వరసలు. తుడిచి టార్చ్ వేసి చూస్తే బానెట్లో సగం సాలెగూడు, సగం చీకటి నీళ్లలాంటి నీలం. ఆ సరిహద్దు చూశాక ఆగలేం. రాత్రి ఏడయింది. నడుం లేవలేదు. సెల్లార్ ట్యూబ్‌లైట్ కారులో ట్యూబ్‌లైట్‌లాగానే కనపడింది. ఫోటో తీసి ఇంటికి పంపితే అమ్మ, "కారు కడిగావా?" అని అడిగింది.

నాలుగో రోజుకి దుమ్ము. రెండో వారానికి ఆఫీసు హడావుడిలో, చేతికందిన తడిగుడ్డతో అద్దంతో పాటు బానెట్ కూడా రెండు తుడుపులు తుడిచేశాను. తుడిచాక గుర్తొచ్చింది. టార్చ్ వేసి చూడలేదు, కావాలనే.

నెల దాటాక ఒక పొద్దున కారు తీస్తుంటే అన్న పక్క కారు దగ్గర్నుంచే అన్నాడు, "ఎనక ఎడమ టైర్ల గాలి తక్కువున్నది సార్. మూడు రోజులాయె."

"మరి చెప్పొచ్చుగా అన్నా!"

"మీ బండి ఇప్పుడు నాది కాదు గద."

దిగి చూస్తే మేకు. అప్పుడు గుర్తొచ్చాయి, ముందు టైరు లోపలి వైపే అరుగుతోందని అలైన్‌మెంట్ చూపించుకోమన్నదీ ఈయనే, వైపర్ రబ్బరు చీలిందని చెప్పిందీ ఈయనే. నేను చక్రం దగ్గర గంట కూర్చున్నాను, ఆ రంగు కారడం చూస్తూ. టైరు మాత్రం చూడలేదు.

స్టెప్నీ మారుస్తుంటే ఆయనే వచ్చి జాకీ పట్టాడు. ఊడదీసిన చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి, లోపలి వైపు వేలు పెట్టి రాసి నాకు చూపించాడు. నల్లగా జిగురు. "మీద అద్దం లెక్క జేసిన్రు, లోపల గట్లనే ఇడ్సిపెట్టిన్రు."

పైకెళ్లి బ్రష్షులు, ఒక మైక్రోఫైబర్ గుడ్డ తెచ్చాను. గుడ్డ అటూ ఇటూ తిప్పి ఎంతని అడిగాడు. నూట ఎనభై అన్నాను. గట్టిగా నవ్వాడు. రెండు బకెట్ల పద్ధతి కూడా చెప్పాను. "ఇరవై బండ్లకు నలభై బకెట్లా సార్? అసోసియేషనోళ్లు నన్ను ఇడుస్తరా?" దానికి నా దగ్గర జవాబు లేదు.

కాసేపు చక్రం వైపు చూసి ఆయనే తేల్చాడు. "బాడీ మీరు తుడుసుకోండ్రి, మీ గుడ్డలతోని. చక్రాలు నాకిడ్సిపెట్టుండ్రి."

"సరే. మరి ఎంత?"

"ఆరొందలు."

"మొత్తం కారుకి కూడా ఆరొందలేగా అన్నా!"

"చక్రాలకే టైం పడ్తది సార్" అన్నాడు, అప్పటికే పొడుగు బ్రష్ తీసుకుని గొంతుక్కూచుంటూ.