అబ్బా క్యాసెట్లు, నా ఫిల్టర్ గల్తీ

"ఏ తుమారే అబ్బా కీ ఆవాజ్ నై రే" అంది అమ్మీ.

తస్బీ పక్కన పెట్టి, తఖ్త్ మీద సర్దుకుని ఎంతో ఆశగా వినడం మొదలుపెట్టింది. రెండు నిమిషాలు కూడా కాలేదు. "కుండలో తల పెట్టి మాట్లాడినట్టుంది. ఆపెయ్" అని వజూకి లేచిపోయింది.

మర్హూమ్ అబ్బా 1992 నుంచి పదకొండేళ్లు కువైట్‌లో ఉన్నారు. మా రాజోలు వైపు ఏ వీధిలో చూసినా అలా వెళ్లినవాళ్లు ఉంటారు. అప్పట్లో ఫోనంటే నిమిషానికింత అని లెక్క. ఖత్ రాద్దామంటే అమ్మీకి తెలుగు చదవడం రాదు, అబ్బాకి ఉర్దూ రాయడం రాదు. అందుకని క్యాసెట్ నింపి పంపేవారు. సెలవుకొచ్చే ఎవరో ఒకరి పెట్టెలో, నీడో డబ్బాల మధ్య అబ్బా ఆవాజ్ ఇంటికొచ్చేది. వాటిలో పదిహేడు మిగిలాయి. 1996 నవంబర్ 6 తుఫానులో కోనసీమ కొబ్బరితోటలు నేలకూలాక పంపిన క్యాసెట్ కూడా ఉంది. అమ్మీ ముందుగా అడిగింది అదే.

ఛోటా భాయ్ హైదరాబాద్‌లో మంచి టేప్ డెక్ సంపాదించి, అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి పంపాడు. (మీ ఇళ్లలోనూ ఇలాంటి క్యాసెట్లు ఉంటే ఆలస్యం చేయకండి. మన చెమ్మకి టేపు బూజు పడుతుంది.) కాబట్టి ఆ రోజు నా గుస్సా అంతా వాడి మీదే పడింది. ఫోన్ చేసి "నీ డెక్ స్పీడ్ తేడా" అన్నాను. వాడు సబర్‌గా, "స్పీడ్ తేడా అయితే గొంతు సన్నబడాలి, లేదా లావెక్కాలి కదా భాయ్‌జాన్. వెనక వినిపించే హారన్ శ్రుతి కూడా సరిగ్గానే ఉంది. మీ గది చూసుకోండి" అన్నాడు.

గది సంగతి నాకు తెలుసు. పెంకుటిల్లు పడగొట్టి, అబ్బా పంపిన డబ్బుతోనే కట్టిన స్లాబు గది అది. పొడవు పది అడుగులు, వెడల్పు పది, ఎత్తూ పదే. శబ్దానికి ఇంతకన్నా చెడ్డ గది ఉండదు. పెంకుల సందుల్లోంచి శబ్దం ఎలాగో బయటికి పోయేది. సిమెంటు గోడల మధ్య అది అటూ ఇటూ కొట్టుకుంటుంది. పది అడుగుల దూరానికి మన ఎండల్లో లెక్క కడితే 57 హెర్ట్జ్ దగ్గర ఒక మోత వస్తుంది, దానికి రెట్టింపు 114 దగ్గర ఇంకొకటి. మూడు వైపులా ఒకే కొలత కాబట్టి మూడు మోతలూ ఒకేచోట కలుస్తాయి. మగవాళ్ల మాట అడుగు స్వరం ఎక్కువగా 85 నుంచి 155 మధ్య ఉంటుంది. అంటే 114 దగ్గర మోత అంటే సరిగ్గా గొంతు మీద చెయ్యి పెట్టినట్టే.

అందుకే కొలిచే మైకు ఒకటి కొని, అమ్మీ కూర్చునే చోట పెట్టి, రూమ్ ఈక్యూ విజార్డ్‌తో కొలిచి, ఆ రెండు చోట్లా తగ్గించే ఫిల్టర్ ఒకటి చాలా రోజుల కిందటే తయారుచేశాను. షేక్ చినమౌలానా గారి నాదస్వరం సీడీ దాంతో ఎంత సాఫ్‌గా వినిపించేదో! మరి అబ్బా దగ్గరికొచ్చేసరికి ఏమైంది? ఫిల్టర్ తీసేసి విన్నాను. అదే మోత. మళ్లీ పెట్టాను. దాదాపు అంతే. ఉన్నా లేనట్టే ఉంది.

రాత్రి ఇషా అయ్యాక కరెంటు పోయి వచ్చింది. అన్నీ మళ్లీ ఆన్ చేస్తుంటే, కంప్యూటర్ అంకెల్ని శబ్దంగా మార్చే ఆ చిన్న డాక్ పెట్టె మీద 48 అని కనిపించింది. సీడీకి ఎప్పుడూ 44.1 ఉంటుంది. అప్పుడు వెలిగింది.

ఫిల్టర్ అంటే అంకెల వరుస. నాదాంట్లో 65,536 అంకెలున్నాయి. దానికి హెర్ట్జ్ అంటే ఏమిటో తెలీదు, శాంపిల్స్ లెక్కపెట్టడమే తెలుసు. "387 శాంపిల్స్‌కి ఒక చుట్టు తిరిగే శబ్దాన్ని తగ్గించు" అన్నట్టు పనిచేస్తుంది. సెకనుకి 44,100 శాంపిల్స్ వస్తే అది 114 హెర్ట్జ్. అదే 48,000 వస్తే 124. భాయ్ రికార్డింగ్ 48,000లో చేశాడు. వాడి తప్పేం లేదు, వీడియో లోకమంతా నడిచేది ఆ రేటు మీదే. 1982లో సీడీ వచ్చినప్పుడు 44,100 అన్నారు, ఎందుకంటే అంతకుముందు డిజిటల్ శబ్దాన్ని వీడియో టేపుల మీద దాచేవాళ్లు, ఒక్కో గీతకి మూడు శాంపిల్స్ చొప్పున ఆ లెక్క కుదిరింది. ఆ రెండు లెక్కల తకరార్ మా ఇంట్లో తేలింది. మోత 57, 114 దగ్గర అలాగే ఉంది. నా ఫిల్టర్ మాత్రం ఏ పాపం చేయని 62, 124 దగ్గర కోస్తోంది. పాట శ్రుతి మారదు, స్పీడ్ మారదు, ఎక్కడా ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక రాదు. కొన్ని ప్లేయర్లు ఫైలు రేటుకి తగ్గట్టు ఫిల్టర్‌ని తామే మార్చుకుంటాయి. నాది నోరెత్తకుండా తప్పుగా నడిపించేసింది.

ముందు బద్ధకంతో అడ్డదారి పట్టాను. పాత ఫిల్టర్ ఫైలునే ఆడాసిటీలో వేరే రేటుకి సాగదీశాను. 48కి పెద్దగా తెలియలేదు గానీ, 96కి చేస్తే అంకెలు రెట్టింపు దాటి శబ్దం దాదాపు 7 డెసిబెల్స్ పెరిగి స్పీకర్ చిట్లినట్టు అరిచింది. ఆ అరుపుకి అమ్మీ నిద్ర లేచింది. ఇక బుద్ధిగా విజార్డ్‌లోకి వెళ్లి, అదే కొలత నుంచి 44.1, 48, 88.2, 96కి విడివిడిగా నాలుగు ఫిల్టర్లు తీసి, ప్లేయర్ రేటుని బట్టి ఏరుకునేలా పెట్టాను. ఇంత అవస్థ అక్కర్లేదనుకునేవాళ్లు ప్లేయర్‌లో అన్నిటినీ ఒకే రేటుకి మార్చి, ఒకే ఫిల్టర్ వాడుకోవచ్చు. చెవికి తేడా తెలుస్తుందని నేననుకోను.

ఛోటా భాయ్‌కి ఫోన్ చేసి మాఫీ అడిగాను. వాడు నవ్వేసి "అమ్మీకి వినిపించావా?" అన్నాడు.

మర్నాడు అసర్ తర్వాత తుఫాను క్యాసెట్ పెట్టాను. అబ్బా ఎన్ని చెట్లు పడ్డాయో అడుగుతున్నారు, పడినవి పోనీ, పిల్లల్ని బయటికి పంపకు అంటున్నారు. అమ్మీ కళ్లు మూసుకుని వింటోంది. ఈసారి ఆపమనలేదు. ఒకచోట చెయ్యెత్తింది. ఆపాను.

"ఆయనకి ఆవేళ జలుబు చేసింది. గొంతు చూడు" అంది. "నాకు చెప్పనేలేదు."

కాసేపు ఊరుకుని, మళ్లీ మొదట్నుంచి పెట్టమంది.