కదిలితే చల్లగా... ఆగితే సలసల!

కార్లు ఎక్కడ ఉడుకుతాయి? నల్లమల ఘాట్‌లోనో, రెంటచింతల ఎండలోనో అనుకుంటాం. మాదాపూర్, కొండాపూర్ సందుల్లోని మెకానిక్కుల్ని అడిగి చూడండి. వాళ్లు చెప్పే చోటు వేరు. సాయంత్రం ఆరున్నరకి, మైండ్‌స్పేస్ కూడలిలో, కంపెనీ బస్సు వెనకాల, మొదటి గేరులో!

కొండాపూర్‌లో కాపురముంటున్న ఓ సాఫ్ట్‌వేర్ జంట వ్యాను కూడా సరిగ్గా అక్కడే పొగలు కక్కింది. 2024 ఏప్రిల్ మొదటివారంలో. అది మామూలు వ్యాను కాదు, చక్రాల మీద ఉన్న చిన్న ఇల్లు. మారుతీ ఆమ్ని తెలుసు కదా! సినిమాల్లో విలన్లు హీరోయిన్‌ని ఎత్తుకుపోవడానికి వాడే, తలుపు పక్కకి జరిగే వ్యాను. 1984లో మొదలై 2019లో తయారీ ఆగిపోయింది. వీళ్లది 2012 మోడల్. మూడేళ్ల కిందట సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. వెనక మడత మంచం, కిటికీలకు కర్టెన్లు, ఒక మూల మంచినీళ్ల క్యాను, ఇంకో మూల తెర చాటున కమోడ్ కుర్చీ. మంచాన్ని ఎక్కడా బోల్టులతో బిగించలేదు, కావాలంటే అయిదు నిమిషాల్లో దించేయొచ్చు. బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది మరి.

ఈ కమోడ్ కుర్చీ కోసమే ఇదంతా అంటే నవ్వొచ్చుగానీ, నిజమదే. అబ్బాయి తల్లికి డెబ్భై దాటాయి. షుగర్. గంటకోసారి లేవాలి. మోకాళ్లు వంగవు. బస్సు ఎక్కితే మధ్యలో ఆపమని అడగడం నామోషీ. దారిలో హోటళ్ల బాత్రూములు ఆవిడకి ఓ పీడకల. అందుకని ఏళ్ల తరబడి ఊరు కదల్లేదు. పెళ్లిళ్లకి ‘ఒంట్లో బాలేదు’ అని కబురు పంపడం అలవాటైపోయింది. ఇలా ఇల్లు కదలని పెద్దవాళ్లు మనకి తెలిసిన ఇళ్లలోనే ఎంతమంది! కారణం మాత్రం ఎవరూ పైకి చెప్పరు.

జనవరిలో ఆ వ్యానులో నాగార్జునసాగర్ వెళ్లొచ్చారు. రానూపోనూ మూడొందల కిలోమీటర్లు. బండి ఎక్కడా పేచీ పెట్టలేదు. ఇంటికొచ్చాక పెద్దావిడ తనంతట తనే నోరు తెరిచి అడిగింది. ‘ఒరేయ్ నాన్నా, శ్రీరామనవమికి భద్రాచలం పోదామా? ఎప్పటి మొక్కో ఉంది.’ ఆ ఏడాది నవమి ఏప్రిల్ 17న. ఇంకా పది రోజులుందనగా ఆవిడను డాక్టరుకి చూపించి తీసుకొస్తున్నారు. ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత దాటింది. ముందు నుంచి బుస్సుమని ఆవిరి.

అబ్బాయి బండి పక్కకి తీసి, జేబురుమాలు చుట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాడు. వెనకాలే ఆగిన ఎంప్లాయీస్ క్యాబ్ డ్రైవర్ పరుగున వచ్చి ఆ చెయ్యి లాగేశాడు. ‘అన్నా, మూత ముట్టకు! మొఖం కాలుతది.’ పేరు కూడా చెప్పకుండా వెళ్లిపోయాడతను. చేసిన మేలు మాత్రం చిన్నది కాదు. ఎందుకంటే రేడియేటర్ అంటే ప్రెషర్ కుక్కరే. సముద్రమట్టానికి అయిదొందల మీటర్ల పైన ఉన్న హైదరాబాద్‌లో మామూలు గిన్నెలో నీళ్లు 98 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటర్ మూత లోపల ఒత్తిడిని పట్టి ఉంచుతుంది కాబట్టి, అందులో కలిపే కూలెంట్ వల్ల కూడా, 110 డిగ్రీలు దాటినా ద్రవం మరగకుండా ఉంటుంది. మూత తీసిన క్షణం ఒత్తిడి పోతుంది. ఉన్నదంతా ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి తన్నుకొస్తుంది. విజిల్ పెట్టి ఉండగానే కుక్కర్ మూత లాగితే ఏమవుతుందో, ఇక్కడా అదే. అరగంటైనా ఆగాలి. ఎంత తొందరున్నా సరే.

గాలి చేసే పని

ఇంతకీ సాగర్ దాకా పోయొచ్చిన బండి ఇంటి దగ్గర ఉడకడమేంటి?

ఇంజిన్‌లో కాలే పెట్రోలు శక్తిలో చక్రాలకు చేరేది మూడో వంతుకు మించదు. మిగతాదంతా వేడే. అందులో కొంత సైలెన్సర్ గుండా పోతుంది, కొంత కూలెంట్ మోసుకెళ్లి రేడియేటర్‌లో వదిలేస్తుంది. రేడియేటర్ సన్నని గొట్టాల మధ్య నుంచి గాలి దూసుకెళుతుంటేనే ఆ వేడి బయటికి పోయేది. హైవే మీద అరవైలో వెళుతుంటే ఎదురుగాలే ఆ పని చేసి పెడుతుంది. ఫ్యాను తిరుగుతోందో చచ్చిందో ఎవరికీ తెలియదు. బండి ఆగినప్పుడే ఫ్యాను బతుకు బయటపడేది. చలికాలం, ఖాళీ రోడ్డు... సాగర్ ప్రయాణం ఆ లోపాన్ని దాచేసింది. మైండ్‌స్పేస్ ట్రాఫిక్ బయటపెట్టింది.

1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించేనాటికి చుట్టూ బండరాళ్లే. ఆ తర్వాత పాతికేళ్లలో ఆ రాళ్ల మధ్య అండర్‌పాస్‌లొచ్చాయి, ఫ్లైఓవర్లొచ్చాయి, 2019లో మెట్రో వచ్చింది, 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చింది. సాయంత్రం ఫస్టు గేరు మాత్రం పోలేదు.

పైగా ఆమ్ని ఇంజిన్ ఉండేది ముందు సీట్ల కింద. రేడియేటర్ మాత్రం బండి ముక్కు దగ్గర. డ్రైవరూ, పక్కన కూర్చున్నవాళ్లూ అచ్చంగా పొయ్యి మీద కూర్చున్నట్టే! వేడెక్కిందని ముల్లు చెప్పకముందే సీటు చెబుతుంది.

డైరెక్ట్ చేసిస్తా సార్!

మెకానిక్ మంచివాడు, పనివాడు. క్వాలిస్‌లూ, సుమోలూ రాత్రీపగలూ కాల్‌సెంటర్ ఉద్యోగుల్ని మోసిన రోజుల్లో పని నేర్చుకున్నాడు. ఆ బండ్లలో ఫ్యాను ఇంజిన్ బెల్టుతోనే తిరిగేది. దానికి వైరూ లేదు, స్విచ్చూ లేదు. ఆమ్నికి ఉన్నది కరెంటు ఫ్యాను. కూలెంట్ దాదాపు 95 డిగ్రీలకు చేరిందని ఓ సెన్సర్ పసిగడితే, రిలే టిక్కుమంటే, అప్పుడు తిరుగుతుంది.

అతను బ్యాటరీ నుంచి రెండు వైర్లు లాగి ఫ్యానుకి తగిలించాడు. గిర్రున తిరిగింది. ‘మోటర్ మంచిగుంది సార్. సెన్సర్ పోయింది.’ రాణిగంజ్ నుంచి కొత్త సెన్సర్ తెప్పించి వేశాడు. రెండు రోజులు బాగానే పనిచేసింది. మూడోరోజు ఇనార్బిట్ మాల్ మలుపులో మళ్లీ ముల్లు లేచింది. రిలే మార్చాడు. ఈసారి ఒక్కరోజు. అతనికీ విసుగొచ్చింది. ‘ఇదంతా ఎందుకు సార్... డైరెక్ట్ చేసిస్తా. సీటు కింద స్విచ్చు పెడతా. గరమైతే మీరే ఏసుకోండి.’

‘డైరెక్ట్’ అన్నమాట మన మెకానిక్ షెడ్లలో వినిపించేంత తియ్యగా ఇంకేదీ వినిపించదు. అంత ప్రమాదమైందీ మరొకటి లేదు. ఫ్యూజు లేని సన్నటి వైరు వేస్తే అది కాలిందంటే బండే అంటుకోవచ్చు. స్విచ్చు వేయడం ఒక్క సిగ్నల్ దగ్గర మర్చిపోతే హెడ్ గ్యాస్‌కెట్ పోతుంది. ఇంకొందరు ‘వేడి తగ్గుతుంది’ అని థర్మోస్టాట్ పీకి పారేస్తారు. అప్పుడు ఇంజిన్ సరిగా వేడెక్కక పెట్రోలు తాగేస్తుంది. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా థర్మామీటర్ విరిచేయడమన్నమాట.

అబ్బాయి సరేనన్నాడు. నవమి దగ్గరపడుతోంది కదా. కోడలు వద్దంది. ఆమె ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తప్పెక్కడుందో తేలకుండా సరిచేశామనడం ఆమెకి అస్సలు పడదు. ‘అత్తయ్యని కూర్చోబెట్టుకుని మూడొందల కిలోమీటర్లు... ఆ స్విచ్చు నమ్ముకుని నేను రాను’ అంది. అమీర్‌పేటలో ఓ చిన్న మల్టీమీటర్ కొనుక్కొచ్చి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మొదలుపెట్టింది. ఇంజిన్‌ని ఆన్‌లో ఉంచి వేడెక్కనిచ్చారు. చున్నీ నడుముకి బిగించింది. ఫ్యాను ఏ క్షణాన్నైనా తిరగొచ్చు, వేళ్లు దగ్గరికి పోకూడదు.

ఫ్యూజు బాగుంది. ముల్లు పైకెళ్లింది, రిలే టిక్కుమంది. అంటే సెన్సర్ చెప్పాల్సింది చెప్పింది. ఫ్యాను ప్లగ్గు దగ్గర మీటరు పెడితే పన్నెండు వోల్టులు. కరెంటు గుమ్మం దాకా వచ్చింది. ఫ్యాను మాత్రం ఉలకదు, పలకదు. అదే మోటారు మెకానిక్ దగ్గర గిర్రున తిరిగింది కదా!

అక్కడే ఆమెకి ముడి విడింది. మెకానిక్ తగిలించినవి రెండు వైర్లు. వెళ్లడానికొకటి, తిరిగి రావడానికొకటి. బండిలో మాత్రం కరెంటు తిరిగి బ్యాటరీకి చేరేది ఇనుప బాడీ గుండానే. ఫ్యాను నల్లవైరుని బాడీకి ఓ బోల్టుతో బిగిస్తారు. దాన్నే ఎర్త్ అంటారు. నల్లవైరు దగ్గర మీటరు ఒక కొన, బ్యాటరీ నెగెటివ్ దగ్గర రెండో కొన పెట్టింది. సున్నాకి దగ్గరగా ఉండాలి. దాదాపు పన్నెండు చూపించింది. తిరుగుదారి తెగిపోయింది! మెకానిక్ పరీక్ష చేసినప్పుడల్లా ఆ తెగిన దారిని తన వైరుతోనే దాటించేశాడు. అందుకే తప్పు కనబడలేదు. సెన్సర్ మార్చినప్పుడు వైర్లు కదిలి, బోల్టు కాస్త అంటుకుని రెండు రోజులు నడిచింది, అంతే.

బోల్టు విప్పితే తుప్పు పొడిలా రాలింది. దాని వెనకే, రేకు మడతలో, ఎండిన ఒండ్రు గీత. జానెడు ఎత్తున, స్కేలు పెట్టి గీసినట్టు. అబ్బాయికి అప్పుడు గుర్తొచ్చింది, ఈ బండి అమ్మినాయన ఇల్లు టోలీచౌకి వైపు. 2020 అక్టోబరు వరదల్లో ఆ కాలనీల్లో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. బయట కడిగేశారు, సీట్లు మార్చారు, పెయింటు వేశారు. బోల్టు కింద చేరిన నీళ్లని ఎవరూ చూడలేదు. మూడున్నరేళ్లు అది మెల్లగా తినేసింది.

తుప్పుని గరుకు కాగితంతో రుద్ది, వైరు కొన కోసి కొత్త లగ్గు వేసి, బిగించి గ్రీజు పూశారు. మొత్తం ఖర్చు రెండు చాయ్‌ల పాటి. మెకానిక్‌ని పిలిచి చూపిస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత మీటరు ఎక్కడ కొన్నారని అడిగాడు.

మీ ఇంట్లో కారుందనుకోండి. చాలా కార్లలో ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేస్తే కాసేపట్లో ముందున్న ఫ్యాను తిరగాలి. వేసవికి ముందు ఓసారి నిలబడి వింటే చాలు, వెయ్యి కిలోమీటర్లు తిరిగినా తెలియని సంగతి అక్కడ తెలుస్తుంది. ట్రాఫిక్‌లో ముల్లు లేస్తే ఏసీ కట్టేసి, హీటర్‌ని ఫుల్లుగా పెట్టాలి. మే నెలలో హీటరేంటని తిట్టుకున్నా సరే, ఇంజిన్ వేడి కొంత అటు పోతుంది. ఈలోగా బండి పక్కకి తీసి ఆపేయొచ్చు. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు పెయింటు మెరుపు కాదు, సీటు పట్టాల కిందా, కార్పెట్ అడుగునా ఒండ్రు ఉందేమో చూసుకోవాలి.

నవమికి వెళ్లలేకపోయారు. కల్యాణం టీవీలో చూశారు. ఓ వారం ఆ ట్రాఫిక్‌లోనే బండిని తిప్పి చూసుకున్నాక, నెలాఖరులో బయల్దేరారు. సూర్యాపేట, ఖమ్మం, కొత్తగూడెం. ఆవిడ ఆరేడుసార్లు ఆపించింది, ఒక్కసారీ నామోషీ పడలేదు. పాల్వంచ దగ్గర థర్మల్ స్టేషన్ పాత కూలింగ్ టవర్లు కనిపించాయి, అప్పటికే పని మానేసి నిలబడి ఉన్నవి. అవేంటని అడిగింది. మన రేడియేటర్ లాంటివేనమ్మా, నీళ్లు చల్లార్చడానికి అన్నాడు కొడుకు.

‘మరి ఫ్యాను ఏదిరా?’

‘వాటికి అక్కర్లేదమ్మా. వేడిగాలి తనే పైకి లేస్తుంది, కింద నుంచి చల్లగాలి లాక్కుంటాయి. అందుకే అంత ఎత్తు.’

ఆ ఏడాది ఆగస్టులో వాటిని కూల్చేశారు. టీవీలో ఆ దృశ్యం వస్తుంటే పెద్దావిడ కోడల్ని కేకేసి మరీ పిలిచిందట.