నిద్రపోని వర్తకుడు

ధనమును కాపాడుకొనుట గృహస్థధర్మములలో నొకటి. దానిని పెంచుకొనవలెనను కోరికయు దోషము కాదు. మన పెద్దలు భూములు కొనిరి, బంగారము చేయించిరి, చీట్లు వేసిరి, తపాలా కచేరిలో దాచిరి. ఈ పద్ధతులన్నిటియందును ఒక సామాన్యలక్షణము కలదు. సొమ్ము చేయి మారునపుడెల్ల ఇంటివారిలో నెవరో యొకరు మేలుకొని యుండిరి. నేడు మన యువకులు కొందరు చేపట్టిన పద్ధతి యట్టిది కాదు. వారు నిద్రించుచుండగా వారి సొమ్ము కొనుచు, అమ్ముచు, తిరిగి కొనుచు నుండును. ఆ పని చేయునది బాట్ అనబడు కంప్యూటరు ప్రోగ్రాము. అది వర్తకము చేయు సరకు బిట్‌కాయిను మొదలగు క్రిప్టో నాణెములు.

ఈ నాణెములకు లోహము లేదు, ప్రభుత్వముద్రయు లేదు. సతోషీ నకమోటో అను పేరు పెట్టుకొనిన అజ్ఞాతవ్యక్తి 2008లో ప్రతిపాదించిన పద్ధతి ననుసరించి 2009 జనవరి 3వ తేదీన బిట్‌కాయిను పుట్టినది. ఎన్నటికిని రెండు కోట్ల పది లక్షలకు మించి యుండరాదని దానికి నియమము. దాని వెల కొనువారి యాశయు అమ్మువారి భయమును కలిసి నిర్ణయించునదే. బొంబాయి షేర్ల విపణి సాయంకాలమునకు మూతపడును, ఆదివారము సెలవు పుచ్చుకొనును. ఈ విపణికి రాత్రి లేదు, పండుగ లేదు. కావున నిద్రపోని విపణికి నిద్రపోని వర్తకుడు కావలెనని మన పిల్లలకు తోచుటలో వింత లేదు. వారిని పరిహసించుట మా యుద్దేశము కాదు. అయితే ఆ వర్తకుడు పనిలో చేరుటకు ముందు యజమానిని కొన్ని ప్రశ్నలడుగును. ఆ ప్రశ్నలకు సమాధానములు చెప్పవలసినవారెవరను విషయమును చదువరుల యెదుట పెట్టదలచితిమి.

హైదరాబాదున ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు ఒక ఆదివారము భార్యతో మా యింటికి వచ్చి, లాప్‌టాప్ తెరచి, తాను అమర్చుచున్న బాట్ యొక్క పట్టికను చూపెను. మేము జీవితమంతయు లెక్కలు తనిఖీ చేసినవారము కావున, అందలి గడులు నింపుటకు మా సాయము కోరెను. బ్యాంకులో లక్షయిరువది వేల రూపాయలు ఊరక పడియున్నవనియు, వానిని పనిలో పెట్టదలచితిననియు చెప్పెను. లోపల మా భార్యతో మాటలాడుచున్న కోడలిని గూడ పిలువుమంటిమి. అతడు కొంచెము సంకోచించి పిలిచెను.

మొదటి గడి: ఒక్కమారు కొనవలసిన మొత్తము. అతడు వేయి రూపాయలని వ్రాసెను. రెండవది: వెల ఎంత తగ్గినపుడు మరల కొనవలెను? నూటికి మూడు. మూడవది: అట్లు కొనునపుడు మునుపటికంటె ఎన్ని రెట్లు కొనవలెను? రెండు రెట్లు. ఇందలి తర్కము సులభమే. పడినకొలది రెట్టించి కొన్నచో సగటు వెల దిగివచ్చును. పిమ్మట వెల కొంచెము లేచినను మొత్తము లాభమునకు అమ్ముకొనవచ్చును. జూదగాండ్రు ఓడినపుడెల్ల పందెము రెట్టించు పద్ధతియు నిదియే. యూరపులో దీనిని మార్టింగేలు అందురు. ఈ పద్ధతి చాల దినములు గెలుచుచునే యుండును. ప్రతిదినమును చిన్న లాభము కనబడుచుండుటచేత నమ్మకము పెరుగును. ఓడిన నాడు మాత్రము అన్ని దినముల లాభమును అసలుతో గూడ పోవును.

కోడలు తెరవంక చూచి, "మామయ్యగారూ, ఇలా రెట్టిస్తూ పోతే మా డబ్బు ఎన్నోసారికి అయిపోతుంది?" అని యడిగినది. మేము కాగితముపై వేసి చూపితిమి. వేయి, రెండు వేలు, నాలుగు వేలు, ఎనిమిది వేలు, పదియారు వేలు: ఐదు మెట్లకు 31,000. ఆరవ మెట్టున ఇంకొక 32,000 చేరి 63,000 అగును. మెట్టునకు నూటికి మూడు చొప్పున, వెల మొదటికంటె నూటికి పదునైదు పడుసరికి ఆరవ మెట్టు వచ్చును. ఈ సరకునకు పదునైదు పడుట ఎంతసేపు? 2021 మే 19వ తేదీన బిట్‌కాయిను 43,000 డాలర్ల సమీపమునుండి 30,000 సమీపమునకు ఒక్కదినములోనే పడినది. అనగా ఆరవ మెట్టు ఎక్కుటకు ఒక పూట చాలును.

"ఏడోసారికి ఇంకో అరవై నాలుగు వేలు కావాలి. అప్పుడు నా ఫీజు డబ్బు కూడా దాంట్లోకి వెళ్తుంది కదండీ," అని ఆమె భర్తతో మెల్లగా ననెను. అప్పుడు తెలిసినది. ఆ లక్షయిరువదిలో డెబ్బది వేలు ఆమెవి. సాయంకాలములందు పిల్లలకు పాఠములు చెప్పి, రెండేండ్లుగా బీయెడ్ చదువునకై కూడబెట్టినవి. "అది ఊరికే పడి లేదు. ఫీజు కట్టే రోజు కోసం ఆగి ఉంది," అనెను. ఆమె కంఠమున కోపము లేదు. మా మేనల్లుడు దురాశాపరుడు కాడు. భార్యను మోసగింపదలచినవాడును కాడు. ఒకే ఖాతాలో నున్న సొమ్మంతయు ఒకే పేరు గలదని యనుకొనెను, అంతియే. అతని వంతు ఏబది వేలు. ఆ లెక్కను ఐదవ మెట్టు వరకే అతని సొమ్ము. ఆరవ మెట్టునుండి ఆమె చదువు.

ఆ పట్టికలో 'ఇది ఎవరి సొమ్ము' అను గడి లేదు. బాట్‌కు అది యక్కరలేదు. మన కక్కరయున్నది.

పిమ్మట గ్రిడ్డు అను రెండవ పద్ధతిని చూచితిమి. ఇందు కనిష్ఠ వెల, గరిష్ఠ వెల నిర్ణయించి, నడుమ నిచ్చెనవలె మెట్లు కట్టుదురు. వెల ఒక మెట్టు దిగిన కొనును, ఎక్కిన అమ్మును. వెల ఆ హద్దులలో ఊగుచున్నంతకాలము ఇది చక్కగా జరుగును. 2021 ఏప్రిల్ నడుమ బిట్‌కాయిను 64,000 డాలర్లు దాటినది. ఆ నెలలో 50,000కును 64,000కును నడుమ నిచ్చెన కట్టినవాని గతి యోచింపుడు. వెల దిగుచున్నపుడు బాట్ మెట్టు మెట్టునను కొని, 50,000 దాటి పడుసరికి చేతి సొమ్మంతయు నాణెములుగా మార్చి ఊరకుండును. ఆ జూన్, జూలై నెలలలో వెల 30,000 దిగువను గూడ చూచినది. నవంబరులో 68,000 దాటినది. మరుసటి నవంబరులో 16,000కు లోబడినది. హద్దులు నిర్ణయించినవాడు తన జోస్యమును వ్రాసినవాడే. బాట్ జోస్యము చెప్పదు, చెప్పినదానిని పాటించును.

కావున స్టాప్‌లాస్ అను గడి ముఖ్యమైనది. ఎంత నష్టమైనపుడు అమ్మివేసి ఇంటికి రావలెనని అది యడుగును. యువకులు సాధారణముగా దానిని ఖాళీగా విడుతురు, లేదా ఎవరో చెప్పిన అంకె వేయుదురు. ఇది విపణికి సంబంధించిన ప్రశ్న కానే కాదు. ఈ సంసారము ఎంత సొమ్ము పోయినను ఇంటి అద్దె, పాలవాని బాకీ, పిల్లల చదువు చెదరక నిలువగలదను ప్రశ్న. ఆ సంగతి ఇంటి ఖర్చు వ్రాసికొను మనిషికి తెలియును. చాల యిండ్లలో ఆ మనిషి గృహిణి. అయినను స్టాప్‌లాస్ గట్టి గోడ కాదని గ్రహింపవలెను. వెల వేగముగా పడునపుడు మనము చెప్పిన అంకెకు కొనువాడు దొరకక, అంతకంటె తక్కువకు అమ్ముడుపోవుట కలదు.

మా మేనల్లుడు గడచిన యేడాది వెలలపై తన పద్ధతిని పరీక్షించి, గొప్ప లాభము వచ్చినదని చూపెను. దీనిని బ్యాక్‌టెస్టు అందురు. పనికివచ్చునదే. కాని మూడును నాలుగును ఐదును వేసి చూచి, గతమున నెక్కువ లాభమిచ్చిన అంకెను ఏరుకొన్నచో, మనము పద్ధతిని పరీక్షించినట్లు కాదు, జరిగిపోయిన కథకు తగిన చొక్కా కుట్టినట్లు. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక మెతుకు చాలునందురు. విపణి యట్టి కుండ కాదు. అందు ఒక్కొక్క మెతుకు ఒక్కొక్క మంటపై ఉడికినది. ఒక సంవత్సరముపై కుదిర్చిన అంకెలను ముట్టుకొనక మరియొక సంవత్సరముపై నడిపి చూడవలెను. ఆ పిమ్మట డ్రై రన్ అను ఉత్తుత్తి వర్తకముగా, సొమ్ము లేకుండ, కొన్ని నెలలు నడపవలెను.

లాభపు లెక్కలలో అతడు పన్నును గూడ చేర్చలేదు. మన దేశమున 2022 ఏప్రిల్ 1 నుండి ఈ లాభములపై నూటికి ముప్పది పన్ను. కొన్న వెల తప్ప ఇతర వ్యయమును తీసివేయ వీలులేదు. ఒక నాణెముపై ఐదు వేలు లాభమును, వేరొక నాణెముపై ఐదు వేలు నష్టమును వచ్చినచో చేతికి సున్న. పన్ను మాత్రము పదునైదు వందలు. ఇదిగాక 2022 జూలై 1 నుండి, నిర్ణీతపరిమితి దాటినపుడు, ప్రతి విక్రయముపైనను నూటికొకటి టీడీఎస్‌గా పట్టుకొందురు. అది పిమ్మట పన్నులో జమపడునది నిజమే. అంతవరకు ఆ సొమ్ము చేతిలో నుండదు. లాభనష్టములు లేవనుకొని, లక్ష రూపాయలను బాట్ నూరుమార్లు కొని అమ్మినచో, చేతిలో మిగులునది ఇంచుమించు 36,600. పదివేలకు కొని 10,100కు అమ్మితిమనుకొందము. ఎక్స్చేంజి రుసుము ప్రతి వైపునను నూటికి ఐదవవంతు రూపాయి చొప్పున నలువది, పన్ను ముప్పది. నూరు రూపాయల లాభమున మిగిలినది ముప్పది. చీటికి మాటికి కొని అమ్ము బాట్ ఎవరికొరకు పాటుపడుచున్నదో దీనివలన తెలియును.

కడపటిది తాళపుచెవి. బాట్‌కు ఎక్స్చేంజి ఖాతాను అప్పగించు ఏపీఐ కీకి మూడు అధికారములుండును: చూచుట, వర్తించుట, సొమ్ము తీసికొనిపోవుట. మూడవదానిని ఎన్నడు నీయరాదు. 2022 డిసెంబరులో ఇట్టి సేవ నడుపు సంస్థ యొకదాని వద్దనుండి ఖాతాదారుల కీలు బయటపడినవి. దొంగల భయము లేకున్నను యంత్రదోషము కలదు. 2012 ఆగస్టు 1వ తేదీన అమెరికాలో నైట్ క్యాపిటల్ అను షేర్ల సంస్థలో కొత్త ప్రోగ్రామును అమర్చునపుడు ఒక యంత్రమున పాతది మిగిలిపోయినది. నలువదియైదు నిమిషములలో నలువదినాలుగు కోట్ల డాలర్లు పోయినవి. నేర్పరులైన ఇంజనీర్లున్న సంస్థకే యట్లు జరిగినది.

ఆనాడు ఆ దంపతులు చేసినదేమనగా: ఆమె డెబ్బది వేలు వేరుఖాతాకు మారినవి. రెట్టించు గడిలో రెండుకు బదులు ఒకటి పడినది. పదివేలకు మించి పెట్టరాదనియు, అందు రెండువేలు పోయిన ఆపివేయవలెననియు ఆమె చెప్పగా అతడు వ్రాసెను. మూడు నెలలు ఉత్తుత్తిగా నడుపుటకు ఇద్దరును ఒప్పుకొనిరి.

చదువరులారా, 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీకి తన యాస్తిపై సంపూర్ణాధికార మిచ్చినది. 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణచట్టమును, 2005 నాటి దేశవ్యాప్త సవరణయు ఉమ్మడి కుటుంబపుటాస్తిలో కుమార్తెకు సమభాగ మిచ్చినవి. ఈ హక్కులకై మన పూర్వులు ఎన్నో దశాబ్దములు వాదించిరి. చట్టము ఇచ్చినదానిని పడకగదిలో ఒక ఫోను తెర, ఎవరును దుర్బుద్ధి చూపకయే, తీసివేయగలదు. 'ఊరక పడియున్న సొమ్ము' అను మాట యొక్కటి చాలును. అందుచేత ఈ వర్తకము చేయదలచిన యువకులకు మా మనవి యిది. ప్రారంభించు మీట నొక్కుటకు ముందు ఇంటి పద్దుపుస్తకమున ఒక పుట తెరచి, పెట్టు మొత్తము, ఓర్చుకొనగల నష్టము, ఆపు తేది, ఆ సొమ్ము ఎవరి కష్టార్జితమను సంగతి వ్రాయుడు. దానిక్రింద భార్యాభర్తలిద్దరును సంతకము చేయుడు. ఆ పుట నింపలేని యింట ఆ యంత్రము నడపదగినది కాదు.