ఏ పనికి ఏ సెల్లు?

బియ్యము, పప్పు, నూనెల విషయమున మన స్త్రీలు చూపు జాగ్రత్త సెల్లుల విషయమున కానరాదు. పిల్లవాని చేతిలో డబ్బులు పెట్టి "రెండు సెల్లులు తెమ్ము" అనుటతో మన విచారణ ముగియుచున్నది. ఏ బియ్యము అన్నమునకో, ఏ బియ్యము ఇడ్లీపిండికో యెరిగిన గృహిణి, ఏ సెల్లు గడియారమునకో, ఏ సెల్లు రక్తపోటు యంత్రమునకో యేల విచారింపరాదు? దీపావళికి ఇల్లు దులుపునప్పుడు మెట్టుగూడలోని మా చిన్న యింట మేము లెక్కించి చూచితిమి. గోడ గడియారములు రెండు, రిమోటులు రెండు, వంటింటి త్రాసు, టార్చిలైటు, జ్వరమానిని, చక్కెర పరీక్షించు యంత్రము, రక్తపోటు యంత్రము, పిల్లల బొమ్మలు, మా అత్తగారి చెవి యంత్రములు, అన్నియు కలిసి 24 సెల్లులు తేలినవి.

మావారు పాఠశాలలో బోధించు శాస్త్రమున దీనికి అనార్ద్ర ఘటమని పేరు. చిన్ననాట నాయనగారి యొద్ద తర్కము చదువునపుడు ఘటము, పటము అను ఉదాహరణములతో విసిగిన మాకు ఆ పేరు వినగానే నవ్వు వచ్చినది. కాని పేరు తగినదే. సామాన్యమైన సెల్లు నిజముగా జింకుతో చేసిన చిన్న కుండ. నడుమ బొగ్గు కడ్డీ. దానిచుట్టు మాంగనీసు ఖనిజపు నల్లని పొడి. ఆ పొడికిని కుండకును నడుమ లవణములతో తడిసిన ముద్ద. పేరుకు అనార్ద్రమైనను లోపల తడి యున్నది. ఫ్రాన్సు దేశీయుడగు లెక్లాంషే 1866లో ద్రవముతో గూడిన ఘటమును కనిపెట్టగా, జర్మనీలో గాస్నరు దానిని ఒలికిపోని ముద్దగా మార్చి 1886లో హక్కు పొందెను. ఈ వస్తువు మనకు పరాయిది కాదు. మాంగనీసు ఖనిజమును మన దేశమున మొట్టమొదట 1892లో త్రవ్వినది విజయనగర ప్రాంతముననే. సెల్లులోని బొగ్గు కడ్డీలు తడలో తయారగుచున్నవి. నిప్పో సెల్లుల కర్మాగారము నెల్లూరున నున్నది.

ఈ కుండకు ఒక విచిత్ర గుణము కలదు. విద్యుత్తు పుట్టుకొలది కుండయే కరిగిపోవును. జింకు పలుచబడి రంధ్రము పడినపుడు లోని ముద్ద వెలికి కారి యంత్రపు తీగలను తినివేయును. కావున కాలము తీరిన సెల్లును రిమోటులో మరచుట, చెడిన పులుసును ఇత్తడి గిన్నెలో విడుచుట వంటిది.

అట్లని జింకు సెల్లు నింద్యము కాదు. గోడ గడియారము కడు మితాహారి. సెకనున కొక్కసారి ముల్లు కదల్చుటకు మాత్రమే విద్యుత్తు కోరును. అట్టిదానికి అల్ప మూల్యపు జింకు సెల్లు ఏడాది వరకు హాయిగా సరిపోవును. రిమోటునకు నంతే. ఇట్టి చోట్ల ఎక్కువ వెల పెట్టి ఆల్కలైను సెల్లు వేయుట, దీపపు ప్రమిదకు ఆవునేయి గుమ్మరించుటయే. ఆల్కలైను సెల్లున కూడ జింకు, మాంగనీసులే యుండును. కాని జింకు కుండగా గాక పొడిగా నడుమ నుండును, ముద్ద ఘాటైన క్షారము. అందుచే ఒక్కపెట్టున ఎక్కువ ప్రవాహమడిగినను అది తడబడదు. మోటారు గల బొమ్మ, రక్తపోటు యంత్రము ఈ జాతివానినే కోరును.

ఈ భేదము మాకు ఒక వానకాలపు రాత్రి తెలిసివచ్చినది. మా అత్తగారికి తల త్రిప్పుచున్నదని చెప్పగా రక్తపోటు యంత్రమును తీసితిమి. అంతకు రెండు దినముల మునుపే నాలుగు క్రొత్త సెల్లులు వేసియుంటిమి. ఆల్కలైను అడుగగా దుకాణదారు "అన్నియు నొక్కటే నమ్మా" అని చౌకవి కట్టియిచ్చెను. అద్దముపై అంకెలు వెలిగినవి. పట్టీ సగము ఉబ్బి, యంత్రము మూలిగి, చప్పున ఆరిపోయెను. మరల నొక్కితిమి, మరల నట్లే. ముసలమ్మ ముఖమున చెమట పోయుచుండ, యంత్రము మంచిదో చెడ్డదో తెలియక మేము నిలుచుండుట ఎంత దుర్భరమో అనుభవించినవారికే యెరుక. ఎదుటి రైల్వే క్వార్టర్సులోని వదినగారు తన మనుమని బొమ్మ నుండి నాలుగు ఆల్కలైను సెల్లులు ఊడదీసి తెచ్చియిచ్చిరి. వెంటనే పట్టీ నిండినది. పై అంకె 190 చూపినది. ఆ రాత్రియే ఆసుపత్రికి తీసికొనిపోతిమి. డాక్టరుగారు మందు మార్చి రెండు దినములు ఉంచుకొని పంపిరి.

మరునాడు మావారు మల్టీమీటరు తెచ్చి ఆ చౌక సెల్లులను చూచిరి. ఒక్కొక్కటియు ఒకటిన్నర వోల్టులు నిక్కముగా చూపినది! ఊరక నున్నపుడు చూపు బలము వేరు, బరువెత్తునపుడు చూపు బలము వేరు. పట్టీని నింపు మోటారు ప్రవాహమును గుంజగానే ఆ సెల్లుల బలము కుంగిపోవుచున్నది. అద్దముపై అంకెలు వెలుగుట సెల్లు బాగున్నదనుటకు సాక్ష్యము కాదు. యంత్రముతో వచ్చిన పుస్తకమున ఏ సెల్లు వేయవలెనో వ్రాసియుండును. ఆ మాట చెల్లించుట మేలు. నాలుగింటిని ఒక్కసారిగా మార్చవలెను. పాతవానితో క్రొత్తది కలిపినచో బలహీనమైనది బలమైనవానిచే ఈడ్వబడి తలక్రిందులై కారుటకు మొదలిడును.

మా పుట్టినింట రేడియో సెల్లులు నీరసించినపుడు ఎండలో పెట్టెడివారు. సాయంకాలము వార్తలు వినబడెడివి గనుక ఎండకు మహిమ కలదని నమ్మిరి. వేడికి లోని రసాయనపు పని కొంత చురుకగుట నిజమే. కాని పోయిన శక్తి తిరిగి రాదు, కారుట మాత్రము త్వరగా వచ్చును. ఈ కారణముననే మన హైదరాబాదు వేసవిలో బండిమీద ఎండకు కాగిన సెల్లులు కొనరాదు. ఫ్రిజ్జులో దాచుటయు వలదు, తేమ పట్టును.

కొనునపుడు చూడవలసినవి కొలదియే. జింకు సెల్లుపై ఐఎస్‌ఐ గుర్తును, దానితో ఐఎస్ 8144 అను సంఖ్యను, సీఎమ్/ఎల్ అని మొదలగు అనుమతి సంఖ్యను చూడుడు. ఆ అనుమతి సంఖ్యను ఫోనులో బీఐఎస్ కేర్ అను దానిలో వేసినచో నిజమో నకిలీయో తెలియును. తయారైన నెల, సంవత్సరము తప్పక చదువుడు. మేము కోటిలోని గుజరాతీ గల్లీకి పోయినను, మెట్టుగూడ చౌరస్తాలో కొన్నను, తేదీ చదివిన పిదపనే డబ్బులిచ్చెదము. దుకాణదారులు కొందరు విసుగుకొందురు, విసుగుకొననిండు.

మరల మరల చార్జి చేయు సెల్లులు పిల్లలున్న యింట లాభకరములు. వాని బలము 1.2 వోల్టులే యైనను ప్రవాహము ధారాళము. బొమ్మలకు మేమివే వాడుచున్నాము. తమంతట తాము ఖాళీ కాని రకము 2005 నుండి దొరకుచున్నది, అదియే కొనదగినది. గడియారమునకు మాత్రము ఇవి దండుగ.

ఇక నాణెపు సెల్లులు. త్రాసులలోను, చిన్న రిమోటులలోను, వెలుగు బొమ్మలలోను ఉండు ఈ బిళ్ళలను తల్లులు పాముతో సమానముగా చూడవలెను. 20 మిల్లీమీటర్ల వెడల్పు గల బిళ్ళ, అనగా మన రూపాయి బిళ్ళంతది, పసిబిడ్డ గొంతున అడ్డుపడినచో అక్కడి తడితో విద్యుత్తు పారి క్షారము పుట్టి రెండు గంటలలోనే అన్ననాళమును కాల్చివేయగలదు. యంత్రమును నడపలేని పాత బిళ్ళయు ఇంతపని చేయగలదు. బిడ్డ మింగెనని అనుమానము కలిగినను వాంతి చేయింపరాదు, అన్నము పెట్టరాదు, ఎక్స్‌రే గల ఆసుపత్రికి తక్షణమే పోవలెను. ఏడాది నిండి, మ్రింగగలిగిన బిడ్డకైనచో, మింగి పండ్రెండు గంటలు దాటకున్న యెడల, త్రోవలో పది నిమిషముల కొకసారి రెండు చిన్న చెంచాల తేనె ఆరు మారులకు మించకుండ నీయవచ్చును. తేనె కొరకు ఇంట ఆగుట మాత్రము కూడదు. ముక్కులోనో చెవిలోనో దూర్చుకొన్నను ఇంతే ప్రమాదము. మరచీల లేని మూతగల బొమ్మను మేము ఇంటికి రానీయము, బంధువులు కానుక తెచ్చినను సరే.

అత్తగారి చెవి యంత్రపు సెల్లు వేరొక జాతి. అది గాలిని పీల్చి పనిచేయును. పైనున్న రంగు కాగితము ఊడదీయగానే దాని ఆయువు ఆరంభమగును. మరల అంటించినను ఆగదు. ఊడదీసి రెండు మూడు నిమిషములు గాలికి ఉంచి పిదప వేసినచో మేలు. ఆమె యిప్పుడు ఆ నిమిషములు గోడ గడియారమున చూచి తానే లెక్కించుకొనును.

కారిన ఆల్కలైను సెల్లు విడిచిన తెల్లని పొక్కును వట్టిచేతితో తాకక, దూదిని నిమ్మరసమున ముంచి తుడిచి ఆరబెట్టవలెను; జింకు సెల్లు కారినచో వంటసోడా నీరు వాడవలెను. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనల ననుసరించి వాడిన సెల్లులను చెత్తతో కలుపరాదు. తిరిగి సేకరించు బాధ్యత తయారీదారులదే. మా యింట అటకమీద మూతగల డబ్బా యొకటి ఇందుకే కలదు. నాణెపు బిళ్ళలకు ఇరువైపుల టేపు అంటించి అందు వేయుచున్నాము.